ఫైబర్ స్కోపులో గళ్లు పోవాలంటే ఏది మేలు?

ఎండలు ముదిరితే నల్లగొండ, పాలమూరు దవాఖానలకు కిడ్నీ రాళ్ల నొప్పితో వచ్చేవాళ్లు పెరుగుతారు. మూత్రనాళంలోంచి వెళ్లి కిడ్నీ లోపల చూసే సన్న ఫైబర్ స్కోపును మానిటర్‌కు కలిపితే బొమ్మంతా తేనెపట్టు గళ్లే. అందులో వేల గాజు పోగులుంటాయి, ఒక్కోటి ఒక్క చుక్క వెలుగునే మోస్తుంది. దాదాపు మిల్లీమీటరు మందపు కట్టలో 30,000 పోగుల దాకా పడతాయి. పోగుల మధ్య సందులో బొమ్మ ఉండదు. పోగు తెగితే అక్కడ నల్లచుక్క మిగిలిపోతుంది.

అన్నిటికంటే సులువు బ్లర్ ఫిల్టర్, అంటే బొమ్మను మసకబార్చడం. గళ్లు పోతాయి, వాటితోపాటు రాయి అంచూ కరిగిపోతుంది. నేనైతే వద్దంటాను. దాని బదులు కంప్యూటర్‌తో ఇంకో పని చేయొచ్చు. ముందు స్కోపును తెల్ల కాగితానికి చూపి, ప్రతి పోగు నడిమి ఎక్కడుందో, ఎంత వెలుగిస్తుందో గుర్తుపెట్టుకోవాలి. తర్వాత ఆ చుక్కల విలువలే తీసుకుని మధ్య ఖాళీలు లెక్కగట్టి నింపాలి. అంచులు నిలుస్తాయి, పోగుకూ పోగుకూ ఉన్న వెలుగు తేడా కూడా సర్దుకుంటుంది. కొత్త వివరం మాత్రం రాదు.

కొత్త వివరం కావాలంటే వీడియోలో వరుసగా వచ్చే కొన్ని బొమ్మల్ని, అంటే ఫ్రేముల్ని, కలపాలి. స్కోపు కొంచెం కదిలితే, ఇందాక సందులో పడ్డ చోటు ఇప్పుడు పోగు మీద పడుతుంది. ఊపిరితో కిడ్నీ ఎలాగూ కదులుతుంది. కానీ కండరం సాగి ఆకారమే మారితే ఫ్రేములు సరిగా అతకవు.

ఏఐతో గళ్లు పూడ్చిన బొమ్మ అందరికీ నచ్చుతుంది, చాలా నున్నగా వస్తుంది. నా భయమంతా అక్కడే. సందులో నిజంగా ఏముందో దానికి తెలియదు, నేర్చుకున్న పాత బొమ్మల్ని బట్టి ఊహించి నింపుతుంది. చిన్న ఎర్ర మచ్చ క్యాన్సరా కాదా తేల్చాల్సిన చోట ఊహ పనికిరాదు. అసలు ఫ్రేమును కూడా దాని పక్కనే చూపిస్తేనే ఒప్పుకుంటాను.

కొత్తది కొనే స్తోమత ఉంటే కొసన కెమెరా చిప్ ఉన్న డిజిటల్ స్కోపే మేలు, గళ్ల గొడవే ఉండదు. 2019లో ఓమ్నివిజన్ కంపెనీ తెచ్చిన చిప్ ఒక్కో వైపు 0.575 మిల్లీమీటర్ల చదరం, 40,000 పిక్సెళ్లు. అయితే మూత్రనాళంలోకి వెళ్లే డిజిటల్ స్కోపులు సాధారణంగా ఫైబర్ వాటికన్నా కొంత లావు. నాళం ఇరుకైన రోగికి చాలాసార్లు ఫైబరే గతి.

ఉన్న ఫైబర్ స్కోపుతోనే నెట్టుకొచ్చేవాళ్లకు నా ఓటు తెల్ల కాగితం పద్ధతికే. స్కోపు వెనక బిగించే కెమెరా (కెమెరా హెడ్) తీసి మళ్లీ బిగించిన ప్రతిసారీ ఆ కొలత కొత్తగా తీయాలి. లేదంటే లెక్కలో పోగు ఒకచోట, బొమ్మలో మరోచోట పడి గళ్లు ఇంకా ముదురుతాయి.