బెంగళూరు చుట్టూ గుడారం బసలు: వానలోనూ వెలిగే అగ్గిపుల్లలు, అసలు వెలిగించకూడని చోట్లు

జూలైలో సకలేశపురం వైపు వెళ్ళేవాళ్ళ సంచిలో అగ్గిపెట్టె తప్పకుండా ఉంటుంది. రెండో రోజు పొద్దున టీ పెట్టుకునే వేళకు అది పనిచేయదు. పుల్లలు చూడటానికి బాగానే ఉంటాయి, గీస్తే మాత్రం చీదేస్తాయి. తప్పు పుల్లది అనుకుని ఇంకోటి తీస్తారు, అది పోతే మరోటి. నిజానికి చాలాసార్లు నెమ్ము పట్టేది పెట్టె పక్కనున్న గీసే పట్టీకి.

మామూలు సేఫ్టీ అగ్గిపుల్ల తలలో పొటాషియం క్లోరేట్, గంధకం, జిగురు ఉంటాయి. ఎర్ర భాస్వరం, గాజుపొడి ఉండేది పట్టీలో. రెండూ రాసుకుంటేనే నిప్పు పుడుతుంది. ఎర్ర భాస్వరం చెమ్మగాలికి మెల్లగా ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లం ఇంకా చెమ్మను పీలుస్తుంది. తడి పట్టీ మీద పుల్ల గీస్తే మందు పొర లేచి వచ్చేస్తుంది, ఆ తర్వాత పట్టీ ఆరినా ఆ చోట నిప్పు పుట్టదు. పుల్ల తల తడిస్తే జిగురు మెత్తబడి రాలిపోతుంది, క్లోరేట్ నీళ్ళలో కరిగి పోతుంది. అందుకని వాటర్‌ప్రూఫ్ పుల్లలు కొనేటప్పుడు పుల్ల గురించి ఒకసారి అడిగితే పట్టీ గురించి రెండుసార్లు అడగండి.

బెంగళూరులో దొరికేవి మూడు రకాలు. కిరాణా కొట్లో వచ్చే మైనపు పుల్లలను చాలామంది వాటర్‌ప్రూఫ్ అనుకుంటారు. వాటిలో మైనం పట్టించింది కాడకే, తలకు రక్షణ ఏమీ లేదు. పైగా ఏప్రిల్ ఎండలో కారులో వదిలేస్తే కాడ మెత్తబడి, గీసేటప్పుడు వంగిపోతుంది. రెండో రకం తలకు వార్నిష్ పూత వేసిన పుల్ల. ఇది కాసేపు నీళ్ళలో పడినా తుడుచుకుని గీయవచ్చు, కానీ వెలిగాక మామూలు పుల్లే: గాలి కొడితే ఆరిపోతుంది. మూడోది తుఫాను పుల్ల, స్టార్మ్‌ప్రూఫ్ అని అమ్ముతారు. దీనికి మందు తల దగ్గరే ఆగదు, కాడ మీద సగం దాకా ఉంటుంది. మండటానికి కావలసిన ఆక్సిజన్ ఆ మందులోనే ఉంటుంది కాబట్టి గాలికి ఆరదు, నీళ్ళలో ముంచి తీసినా మళ్ళీ అంటుకుంటుంది. అమెరికా కంపెనీ యూకో చేసే పుల్ల సుమారు 15 సెకన్లు మండుతుంది. తడి చితుకుల దగ్గర ఆ పదిహేను సెకన్ల విలువ తెలుస్తుంది.

ఏది కొన్నా ఇంట్లో రెండు పుల్లలు ఖర్చు పెట్టి పరీక్షించండి. గ్లాసు నీళ్ళలో గంటసేపు ఉంచి, గుడ్డతో తుడిచి, పొడి పట్టీ మీద గీయండి. తర్వాత పట్టీ మీద నాలుగు చుక్కలు వేసి, తుడిచి, అక్కడ గీసి చూడండి. మొదటిది నెగ్గి రెండోది ఓడితే ఆ పెట్టెకు విడి పట్టీ తప్పనిసరి. తుఫాను పుల్లను ఊది ఆర్పలేరు, మండే ముక్కలు కిందకు రాలతాయి. పరీక్ష సిమెంటు నేల మీద, పక్కన నీళ్ళ బకెట్ పెట్టుకునే చేయాలి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి విమానంలో వచ్చి ఇక్కడినుంచి బయల్దేరేవాళ్ళకు ఒక మాట. అగ్గిపెట్టెలు, లైటర్లు మన విమానాశ్రయాల తనిఖీ దాటవు. చేతి సంచిలో అయినా, కింద వేసే పెట్టెలో అయినా అంతే. బెంగళూరులో దిగాకే కొనండి. గుడారాలు అద్దెకిచ్చే కొట్లలో గ్యాస్ బర్నర్ కూడా ఇస్తారు. దాని బటన్ నొక్కితే నిప్పురవ్వ వస్తుందో లేదో అక్కడే చూసుకోండి, వచ్చినా దాన్నే నమ్ముకోవద్దు. సకలేశపురం లాంటి మలనాడు కొండసీమ చెమ్మలో రవ్వ బర్నర్ దాకా రాకుండా తడి లోహం మీదకు జారిపోతుంది. బర్నర్‌కు ఒక పుల్ల చాలు, కాబట్టి వార్నిష్ పుల్లలు దీనికి వాడి తుఫాను పుల్లలు దాచుకోవడం మేలు.

ఇక చోట్ల సంగతి. నగరానికి దగ్గరలో అందరూ ముందు అడిగేది స్కందగిరి. సుమారు 70 కిలోమీటర్లు, ఎత్తు 1,450 మీటర్ల లోపు, చిక్కబళ్ళాపురం దాటి కళవార ఊరి దగ్గర మొదలు. ఆన్‌లైన్‌లో ముందుగా అనుమతి తీసుకుని, తెల్లవారుజామున ఎక్కి దిగే కొండ ఇది. చలిమంటకు ఇది చోటు కాదు. కర్ణాటక అటవీ చట్టం, 1963 ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు రాజేయడమే నేరం. సావనదుర్గ, మకళిదుర్గల్లో కూడా గుండు మీద మంట వేసే ఆలోచన పెట్టుకోవద్దు. చట్టం సంగతి అటుంచితే, నల్లరాయి సెగకు పొరలుగా పగిలి ఎగురుతుంది, మసి మరక ఏళ్ళ తరబడి పోదు. ఇలాంటి కొండలకు వెళ్ళేటప్పుడు ఫ్లాస్కులో కాఫీ, ముందురోజు చేసిన పులిహోర తీసుకెళ్ళండి. అగ్గి అవసరమే ఉండదు. చిక్కబళ్ళాపురం జిల్లాలో, కోలారులో తెలుగు బాగా నడుస్తుంది కాబట్టి కింది ఊళ్ళో టీ, టిఫిన్ అడగడానికి ఇబ్బంది లేదు.

కావేరి ఒడ్డున భీమేశ్వరి సుమారు 100 కిలోమీటర్లు. ఇక్కడ బస ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్‌ది. చుట్టూ ఉన్నది కావేరి వన్యప్రాణి అభయారణ్యం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 30వ సెక్షన్ అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని నిషేధిస్తుంది. కాబట్టి ఇక్కడ మంట అనేది ఉంటే బస సిబ్బంది తమ చోట వేసేదే, అతిథి చేతిలో అగ్గిపుల్లకు పని లేదు. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు ఇది ఒక సుఖమే. ఇంకెక్కడైనా ఏటి ఒడ్డున మంట వేసే వీలున్నప్పుడు ఏట్లోంచి తీసిన గుండ్రాళ్ళు పొయ్యికి పెట్టవద్దు. లోపలి నీరు ఆవిరై రాయి పేలుతుంది. పచ్చి వెదురు కణుపులూ అంతే.

అగ్గిపుల్లకు నిజమైన పరీక్ష సకలేశపురం, కొడగు హోమ్‌స్టేల్లో జరుగుతుంది. సొంత పట్టా భూమి, కాఫీ తోట, జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన. చలిమంటకు విడిగా డబ్బు తీసుకునే చోట్లు ఎక్కువ. ఫోన్‌లో బుక్ చేసేటప్పుడే అడగాల్సినవి ఉన్నాయి: కట్టెలు కప్పు కింద పేర్చి ఉన్నాయా, మంట వేసే చోటికి రేకుల పందిరి ఉందా, వాన వస్తే డబ్బు తిరిగి ఇస్తారా, ఒక మోపు ఎంతసేపు వస్తుంది. మొదటి ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే మిగతావి అడగనక్కర్లేదు. ఆరుబయట తడిసిన సిల్వర్ ఓక్ కట్టెల మీద కిరోసిన్ గుమ్మరించి, అది ఆరిపోయాక “వాన సార్” అనేవాళ్ళకు డబ్బు కట్టడం దండగ. మధ్యలో మంట తగ్గితే కిరోసిన్, పెట్రోలు మళ్ళీ పోయడం మరీ ప్రమాదం, మంట సీసా దాకా పాకుతుంది. దారిలో పల్లె కొట్లో అడగాల్సి వస్తే అగ్గిపెట్టెను కన్నడలో బెంకి పొట్టణ అంటారు, వంటచెరకును సౌదె అంటారు.

వాన చోట మంట వేసే పద్ధతి ఇది. పైకి తడిగా ఉన్న కట్టెను నిలువునా చీల్చితే లోపల పొడిగా ఉంటుంది. లోపలి చెక్కనే పేళ్ళుగా గీసుకోవాలి. అగ్గిపుల్లంత సన్నవి రెండు గుప్పిళ్ళు, పెన్సిలంత లావువి రెండు గుప్పిళ్ళు, బొటనవేలంతవి ఓ పది. ఇవన్నీ సిద్ధం కాకముందు పుల్ల గీయవద్దు. మంటలు ఆరిపోయేది ఎక్కువగా ఈ తొందర వల్లే. తడి నేల మీద రెండు చీల్చిన కట్టెలు పరిచి, వాటిపై పేళ్ళు పెట్టాలి. కింద రాజేయడానికి దూది ఉండకు వాజిలిన్ బాగా పట్టించి పెడితే నాలుగైదు నిమిషాలు మండుతుంది, ఒక్కసారికి రెండు ఉండలు చాలు. పూజకొట్టు కర్పూరం కూడా బాగా అంటుకుంటుంది, కానీ మూత బిగుతుగా లేని డబ్బాలో ఉంచితే ఆవిరై సగం అయిపోతుంది, పక్కన పెట్టిన బియ్యానికి వాసన పట్టిస్తుంది. పుల్లలు తక్కువగా ఉన్నప్పుడు ఇంకో మార్గం: ఒక పుల్లతో కొవ్వొత్తి వెలిగించి, మిగతా పనంతా కొవ్వొత్తితో చేయండి.

తుఫాను పుల్లలు దొరక్కపోతే ఇంట్లోనే పూత వేసుకోవచ్చు. మంచి చెక్క పుల్లలు 25 ఏరండి, తల పగిలినవి వద్దు. ఒక గిన్నెలో నీళ్ళు కాచి, అందులో చిన్న గిన్నె పెట్టి కొవ్వొత్తి ముక్కలు కరిగించండి. మైనాన్ని నేరుగా గ్యాస్ మీద పెడితే భగ్గుమంటుంది. స్టవ్ ఆర్పాకే తలతో పాటు ఒకటిన్నర సెంటీమీటరు కాడ ఒక్క సెకను ముంచి తీయాలి. పూత మందమైతే ఆ మైనం పట్టీకి అంటుకుని పట్టీనే పాడుచేస్తుంది. వాడేముందు తల మీది మైనాన్ని గోటితో గీరేయండి. మైనం బదులు గోళ్ళ రంగు ఒక పూత వేసి పూర్తిగా ఆరనివ్వవచ్చు, ఆరేదాకా పొయ్యి దరిదాపుల్లో ఉంచవద్దు. పుల్లలను మరమూత ప్లాస్టిక్ సీసాలో వేయండి. పెట్టె నుంచి కత్తిరించిన పట్టీ ముక్కలు మూడు, ఒక్కోటి చిన్న జిప్ కవరులో విడిగా ఉండాలి. సీసాలో పుల్లల తలలకు ఎదురుగా పట్టీ అంటిస్తే కారు కుదుపులకు రాసుకుని లోపలే అంటుకోవచ్చు. ఇద్దరు మనుషులు, రెండు రాత్రులకు ఈ 25 పుల్లల సీసా, దొరికితే పది తుఫాను పుల్లలు, వేర్వేరు సంచుల్లో రెండు లైటర్లు సరిపోతాయి. లైటర్ తడిస్తే చక్రం తిప్పి ఊదుతూ ఆరబెట్టాలి. రాయి ఆరితే మళ్ళీ రవ్వ వస్తుంది.

రాత్రి చలి వేస్తే నిప్పుల కుంపటిని గుడారంలోకి తెచ్చుకోవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. హోమ్‌స్టే కుర్రాడు మంచి మనసుతో తెచ్చి పెట్టినా బయట పెట్టించండి.

ఆంధ్ర వైపు రెండు చోట్లు. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ సుమారు 150 కిలోమీటర్లు, ఎత్తు 1,265 మీటర్లు, పర్యాటక శాఖ హరిత బస ఉంది. కొండ మీద నీలగిరి చెట్లు. వాటి ఎండు బెరడు, ఆకుల్లో నూనె ఉంటుంది కాబట్టి ఒక్క పుల్లకే అంటుకుంటాయి. అందుకే అక్కడ మంట వద్దనిపిస్తుంది. గది బస చాలు.

గండికోట దూరం, సుమారు 280 కిలోమీటర్లు, జమ్మలమడుగు మీదుగా. పెన్నా లోయ అంచున గుడారాల బసలు ఉన్నాయి. ఇక్కడి శత్రువు గాలి. గాలికి వీపు పెట్టి కూర్చుని, పుల్లను దాని మందు తలకు దగ్గరగా పట్టుకుని, ఒంటి వైపు కాకుండా బయటికి గీయాలి. వెలగగానే పుల్ల తల కిందికి వంచి, రెండు అరచేతులు దొప్పలా చేయాలి. మామూలు పుల్ల నిలవకపోతే రెండు పుల్లలు జోడించి గీయండి. అంచుకు దూరంగా గోడచాటున వంట చోటు ఇచ్చే బసకు అదనంగా ఇచ్చినా నష్టం లేదు. లోయ కనిపించేలా గుడారం వేశామని చెప్పే చోట గుడారానికీ మంటకూ మధ్య ఐదు మీటర్లయినా ఉందా అని చూడండి. నైలాన్ గుడ్డకు ఒక్క రవ్వ చాలు. కోట లోపల, గుళ్ళ దగ్గర మంట వేయరాదు.

దారి తప్పిన వేళ నిప్పు గురించి కూడా చెప్పాలి. ముందు 112కి ఫోన్, తర్వాత పొడి బట్టలు, గాలి తగలని చోటు, ఆ తర్వాతే మంట. ఫిబ్రవరి నుంచి మే దాకా ఎండుగడ్డి కొండల మీద ఆ మంట కూడా వద్దు. తమిళనాడులోని తేని జిల్లా కురంగణిలో 2018 మార్చి 11న అడవి మంటల్లో చిక్కి 20 మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. గడ్డి కొండ మీద మంట మనిషి కంటే వేగంగా ఎక్కుతుంది. అలాంటి చోట ఈల, టార్చి, మెరిసే రేకు దుప్పటి అగ్గిపుల్ల కంటే ఎక్కువ పనికొస్తాయి.

బస వదిలే ముందు మంట మీద నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి, బూడిద దగ్గర చేతి వెనకభాగం పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకో బకెట్. కాలిన తుఫాను పుల్లల మొనలు రేకు డబ్బాలో వేసి తెచ్చేయండి. ఇంటికి వచ్చాక సీసా మూత తీసి, పుల్లలు, పట్టీలు ఒక పూట కాగితం మీద నీడలో ఆరబెట్టి, మందు అరిగిన పట్టీని తీసేసి కొత్తది పెట్టి మూత బిగించండి.