మాకు పాస్, అత్తయ్యగారికి టికెట్

2024 ఫిబ్రవరిలో మా అత్తయ్యగారు, మావయ్యగారు తెనాలి నుంచి వచ్చారు. మేముండేది కాలిఫోర్నియాలో, అర్వైన్‌లో. డిస్నీలాండ్ ఉన్న అనహైమ్ మాకు పదిహేను మైళ్ళు. ఒక మంగళవారం, బుధవారం చూసుకుని పాపకు బడి మానిపించి, మావారు సెలవు పెట్టి, అందరం బయల్దేరాం.

పెద్దవాళ్ళిద్దరికీ రెండు రోజుల టికెట్లు కొన్నాం, మనిషికి మూడొందల డాలర్ల పైనే అయింది. నాకూ మావారికీ పాపకూ ఏడాది పాసులు ఉన్నాయి. అక్కడ దాన్ని మ్యాజిక్ కీ అంటారు. మాది అందులో అన్నిటికన్నా చవకైన ఇమాజిన్ కీ, అప్పటి ధర 499 డాలర్లు. దక్షిణ కాలిఫోర్నియాలో ఉండేవాళ్ళకే అమ్ముతారు. శని, ఆదివారాలు, సెలవు రోజులు చాలావరకు దానికి కుదరవు. బాబుకు ఇంకా మూడేళ్ళు నిండలేదు కాబట్టి వాడికి ఏదీ అక్కర్లేదు.

ఒకే ఇంటివాళ్ళం, ఒకే గేటులోంచి లోపలికి వెళ్ళాం. కానీ మధ్యాహ్నం రెండయ్యేసరికి మేం చూస్తున్న పార్కు వేరు, వాళ్ళు చూస్తున్న పార్కు వేరు అనిపించింది. మావయ్యగారు చొక్కా జేబులో పార్కు మ్యాపు నాలుగు మడతలు పెట్టుకుని, ఎక్కిన ప్రతి రైడు పక్కనా పెన్నుతో టిక్కు పెడుతున్నారు. అత్తయ్యగారు బెంచీ మీద కూర్చుని, ఎడమ కాలి బూటు విప్పేసి మోకాలు నొక్కుకుంటున్నారు. బాబు స్ట్రోలర్‌లో నిద్రపోయాడు. దగ్గర్లో తీసుకున్న మోటల్ రూముకు వెళ్ళి కాసేపు పడుకుని సాయంత్రం వద్దామా అన్నాను.

“ఇంత డబ్బు పోసి కొన్నాక పడుకోవడమేమిటమ్మా? ఇంకా పదిహేను మిగిలాయి,” అన్నారు మావయ్యగారు.

ఆయన మాటలో తప్పేమీ లేదు. రోజు టికెట్ చేతిలో ఉంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. గంటకు ఇన్ని డాలర్లు అని మనసులో మీటరు తిరుగుతూనే ఉంటుంది. క్యూ తగ్గించుకోవడానికి మనిషికి ఇంకో 30 డాలర్లు పెట్టి అప్పట్లో ఉన్న జీనీ ప్లస్ కొనాలా అన్న ఆలోచన కూడా టికెట్ ఉన్నవాళ్ళకే వచ్చేది. పాస్ ఉన్న మాకు ఆ రోజు రెండు రైడ్లు ఎక్కినా చాలు, మిగతావి ఇంకోసారి. ఎప్పుడు అలసిపోతే అప్పుడు లేచి ఇంటికి రాగల ధీమా, అదే మేం ఆ 499 డాలర్లకు కొనుక్కున్నది. చిన్నపిల్లలు, మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళు ఉన్న ఇంటికి అంతకన్నా కావాల్సింది లేదని నా నమ్మకం.

2019లో మాకు పాత పద్ధతి యాన్యువల్ పాస్‌పోర్టులు ఉండేవి. మన పాస్‌కు కుదిరే రోజైతే చాలు, ముందుగా చెప్పాల్సిన పని లేదు. ఆఫీసు నుంచి వచ్చాక, “పోదామా?” అని ఒకరు అంటే ఇంకొకరు కారు తాళాలు తీసేవారు. అప్పుడు పాపకు రెండేళ్ళు. పార్కు చుట్టూ తిరిగే రైల్లో ఒక రౌండు వేసి, ఒక చురో కొనుక్కుని, తొమ్మిదిన్నరకు టపాసులు చూసి ఇంటికి వచ్చేసేవాళ్ళం. మొత్తం మూడు గంటలు. 

2020 మార్చి 14న పార్కు మూతపడింది. మళ్ళీ తెరిచింది 2021 ఏప్రిల్ 30న. ఈలోగా ఆ ఏడాది జనవరిలోనే పాస్‌పోర్టుల పథకాన్ని పూర్తిగా ఎత్తేశారు. ఆగస్టులో దాని స్థానంలో మ్యాజిక్ కీ వచ్చింది. అప్పుడు నాలుగు రకాలు, 399 డాలర్ల నుంచి 1,399 దాకా. ధరల సంగతి అటుంచితే అసలు మార్పు వేరే ఉంది. కీ ఉన్నా సరే, ఏ రోజు వస్తామో ముందుగా బుక్ చేసుకోవాలి. ఇమాజిన్ కీకి ఒకసారికి రెండు రోజులే పట్టుకోనిస్తారు, పై రకాలకు నాలుగు లేదా ఆరు. రాలేకపోతే ముందు రోజు అర్ధరాత్రి లోపు రద్దు చేసుకోవాలి. 90 రోజుల్లో మూడుసార్లు చెప్పకుండా ఎగ్గొడితే, 30 రోజులపాటు కొత్తగా బుక్ చేసుకోనివ్వరు.

యాజమాన్యం వైపు నుంచి చూస్తే దీనికి కారణం ఉంది. మాలాంటి చుట్టుపక్కలవాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు వస్తాం, పులిహోర డబ్బా తెచ్చుకుంటాం, పెద్దగా ఏమీ కొనకుండా వెళ్ళిపోతాం. ఎక్కడో ఒహాయో నుంచి జీవితంలో ఒక్కసారి వచ్చిన కుటుంబం మా వెనకే క్యూలో నిలబడి ఉంటుంది. ఏ రోజు ఎంతమంది పాస్‌వాళ్ళు వస్తారో ముందే తెలిస్తే జనాన్ని సర్దవచ్చు. ఇది నేను ఒప్పుకుంటాను. ఒప్పుకోనిది ఒకటే: పాస్ అమ్మేటప్పుడు దేన్ని అమ్ముతున్నారో స్పష్టంగా చెప్పాలి. 1,399 డాలర్ల డ్రీమ్ కీని ఏ రోజుకూ అడ్డు లేనిదిగా అమ్మారనీ, తీరా చూస్తే కొన్ని రోజులకు బుకింగ్ దొరకలేదనీ కొన్నవాళ్ళ తరఫున కోర్టులో కేసు పడింది. 2023లో అది 95 లక్షల డాలర్ల సెటిల్‌మెంట్‌తో ముగిసింది. అప్పటికే, 2022లో, డ్రీమ్ కీ పోయి క్రిస్మస్ రోజులు మినహాయించిన ఇన్‌స్పైర్ కీ వచ్చింది. 2024 అక్టోబరుకు దాని ధర 1,749 డాలర్లు, మా ఇమాజిన్ కీ 599. అప్పుడే రోజు టికెట్ కూడా జనం తక్కువుండే రోజుకు 104, బాగా ఉండే రోజుకు 206 అయింది.

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఇదే కంపెనీ ఇంకో దారి పట్టింది. 2023 ఏప్రిల్ నుంచి అక్కడ పాస్ ఉన్నవాళ్ళు మధ్యాహ్నం రెండు దాటాక బుకింగ్ లేకుండా లోపలికి వెళ్ళవచ్చు. శని, ఆదివారాల్లో మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకు మాత్రం ఇది వర్తించదు. నాకు ఈ ఆలోచన ఎంతో నచ్చింది. పొద్దున్నే గేటు దగ్గర ఉండే దూరపువాళ్ళకు ఇబ్బంది లేదు, సాయంత్రం రెండు గంటలు తిరిగి వెళ్ళే ఊరివాళ్ళకు పాత రోజులు తిరిగొచ్చినట్టే. అనహైమ్‌లో ఇది పెడితే మా వీధిలో సగం మంది పండగ చేసుకుంటారు.

ఇక మా బస సంగతి. ఇల్లు ఇరవై నిమిషాల్లో ఉంటే హోటలెందుకు అని మావారు అన్నారు. అత్తయ్యగారి కోసం నేనే పట్టుబట్టాను. పార్కింగ్ భవనం నుంచి ట్రామ్ ఎక్కి రావడం, మళ్ళీ అంత దూరం వెనక్కి వెళ్ళడం, రోజుకు రెండుసార్లు ఆవిడ వల్ల కాదు. హార్బర్ బులెవార్డ్‌కు అవతలి వైపున్న మోటళ్ళ నుంచి గేటుకు పది నిమిషాల నడక. ఆ లెక్క సరిగ్గానే కుదిరింది. మోటల్ మాత్రం కుదరలేదు. పేరు వద్దులెండి. లిఫ్టు పని చేయడం లేదని కౌంటర్ దగ్గరికి వెళ్ళాకే చెప్పారు, మాకిచ్చింది రెండో అంతస్తు. పార్కింగ్‌కు, ఇంకేవో సదుపాయాలకు అంటూ విడిగా కలిపాక ముందు చూసిన ధరకూ చివరి బిల్లుకూ పొంతన లేదు. కింది అంతస్తు గది అడిగితే గంటన్నర కూర్చోబెట్టి ఇచ్చారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు బుక్ చేసేముందు ఒక్క ఫోన్ చేసి లిఫ్టు గురించీ, పార్కింగ్ గురించీ అడగండి. డబ్బుకు వెనకాడని వాళ్ళకైతే గ్రాండ్ కాలిఫోర్నియన్ హోటల్ సుఖం. అందులోంచి నేరుగా, డిస్నీలాండ్ పక్కనే ఉన్న రెండో పార్కు కాలిఫోర్నియా అడ్వెంచర్‌లోకే దారి ఉంది.

అయినా గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయి. అత్తయ్యగారు చిన్న రైస్ కుక్కర్ చీరల మధ్య పెట్టి తెచ్చారు. రెండు రాత్రులూ పెరుగన్నం, మాగాయ. పార్కులోకి గాజు సీసాలు తప్ప మన తిండి తీసుకెళ్ళనిస్తారు. సెక్యూరిటీ దగ్గర ఒకమ్మాయి స్టీలు డబ్బా మూత తీసి, పసుపు రంగు పులిహోర చూసి, “ఎంత బాగుంది వాసన!” అంది. అత్తయ్యగారు వెంటనే గరిటె కోసం సంచిలో వెతకడం మొదలుపెట్టారు, నేనే ఆపాను. లోపల కౌంటర్లలో అడిగితే చల్లటి నీళ్ళు ఊరికే ఇస్తారు. సీసాకు డబ్బు పెట్టాల్సిన పని లేదు. 

ఇంకో రెండు సేవలు మాకు బాగా పనికొచ్చాయి. గేటు దగ్గర అద్దెకు తీసుకున్న వీల్‌చెయిర్ రెండో రోజును నిలబెట్టింది. మొదటి రోజు అత్తయ్యగారు మొహమాటపడి వద్దన్నారు. రెండో రోజు మావయ్యగారే నెడుతుంటే, ఎదురొచ్చిన ప్రతి వీల్‌చెయిర్‌లోని పెద్దావిడకూ నవ్వుతూ తలూపారు. రెండోది రైడర్ స్విచ్. బాబును ఎక్కించుకోని రైడ్లకు ఒకరు పాపతో ఎక్కి రావడం, ఒకరు బాబుతో ఆగి తర్వాత పెద్ద క్యూ లేకుండా వెళ్ళడం. పాప రెండుసార్లూ ఎక్కేసింది, దానికదే పండగ.

ఏప్రిల్‌లో ఒక శనివారం వాళ్ళను బ్యూనా పార్కులోని నాట్స్ బెర్రీ ఫామ్‌కు తీసుకెళ్ళాం. అక్కడ మాకు సీజన్ పాసులు ఉన్నాయి, ధర ఇమాజిన్ కీలో సగం కూడా లేదు, ముందుగా రోజు బుక్ చేసుకునే పనీ లేదు. డిస్నీలాండ్ మెరుపులు ఇక్కడ ఉండవు. కానీ నాకు ఈ చోటి కథ ఇష్టం. వాల్టర్ నాట్ బెర్రీ పళ్ళు పండించి రోడ్డు పక్కన అమ్ముకునేవాడు. 1934లో ఆయన భార్య కార్డీలియా తన పెళ్ళినాటి పింగాణీ పళ్ళేల్లో చికెన్ భోజనం వడ్డించింది. మొదటి రోజు ఎనిమిది భోజనాలు, ఒక్కొక్కటి 65 సెంట్లు. తినడానికి వచ్చి బయట వేచి ఉండే జనానికి కాలక్షేపంగా కట్టిన పాత ఊరి బొమ్మే ఈ పార్కుకు మొదలు. ఆ హోటల్ ఇప్పటికీ పార్కు గేటు బయటే ఉంది, టికెట్ లేకపోయినా తినవచ్చు. శనివారమని అత్తయ్యగారు ముట్టుకోలేదు, బిస్కెట్లకు బాయ్సన్‌బెర్రీ జామ్ రాసుకుని తిన్నారు. మావయ్యగారు మాత్రం ఆ చికెన్‌కు వంక పెట్టలేకపోయారు.

అక్కడి ఆవిరి రైల్లోకి ముసుగులేసుకున్న దొంగలు ఎక్కి పెట్టెపెట్టెకూ తిరుగుతారు. మావయ్యగారు జేబులోంచి మ్యాపు తీసి ఇచ్చేశారు. ఆ దొంగ దాన్ని తిప్పి తిప్పి చూసి, డిస్నీలాండ్‌దని గుర్తుపట్టి, నవ్వాపుకోలేక తిరిగిచ్చేశాడు. మూడు గంటలకే అందరం అలసిపోయాం. ఈసారి ఎవరూ ఉందామనలేదు. అక్కణ్ణుంచి ఆర్టీసియా వెళ్ళి, పయనీర్ బులెవార్డ్ మీద దోసెలు తిని ఇంటికి చేరాం.

నాట్స్‌లోనూ మార్పులు లేకపోలేదు. 2022లో, ఒక వయసు లోపు పిల్లలు 21 నిండిన పెద్దవాళ్ళ తోడు లేకుండా రాకూడదన్న నిబంధన మొదలైంది. పిల్లలకు పాసులు కొనిచ్చి గేటు దగ్గర దింపి వెళ్ళిపోయే తల్లిదండ్రులకు దీంతో పాస్ విలువే మారిపోయింది. 2024 జులై 1న నాట్స్ సొంతదారు సీడర్ ఫెయిర్, మ్యాజిక్ మౌంటెన్ అనే ఇంకో పార్కును నడిపే సిక్స్ ఫ్లాగ్స్ ఒక్కటయ్యాయి. ఆ సిక్స్ ఫ్లాగ్స్ అనుభవం పాసుల గురించి ఆలోచించే ప్రతి కంపెనీ చదువుకోవాల్సింది. 2022లో కొత్త యాజమాన్యం ధరలు పెంచింది, రాయితీలు తగ్గించింది, నెలవారీ మెంబర్‌షిప్పులు తీసేసింది. తక్కువమంది వచ్చినా ఎక్కువ ఖర్చు పెడతారన్నది వాళ్ళ లెక్క. అంతకుముందు ఏడాది 2.77 కోట్లున్న సందర్శకులు 2.05 కోట్లకు పడిపోయారు. తర్వాత మళ్ళీ ధరల విషయంలో వెనక్కి తగ్గారు.

నెలవారీ మెంబర్‌షిప్ గురించి ఒక మాట చెప్పాలి. ఇంకో పార్కులో మేం అలా ఒకటి తీసుకున్నాం, పేరు చెప్పను. ఏడాది పూర్తయినా కార్డు నుంచి డబ్బు పోతూనే ఉంది. రద్దు చేయడానికి మూడుసార్లు ఫోన్, ఒక ఉత్తరం. నెలకు కొంచెమే కదా అనిపిస్తుంది, ఐదు నెలలు గమనించలేదు. అదే మ్యాజిక్ కీకి కాలిఫోర్నియావాళ్ళు తొలి మొత్తం కట్టి, మిగతాది 12 నెలల్లో వడ్డీ లేకుండా కట్టవచ్చు. రెండిటికీ తేడా గమనించండి: ఒకటి వాయిదా, ఇంకోటి ఆగని చందా. సంతకం చేసేముందు ఏది మీదో అడిగి తెలుసుకోండి.

కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు ఏది తీసుకోమంటారని అడుగుతూ ఉంటారు. బడికి వెళ్ళే పిల్లలుంటే, శని ఆదివారాలు తప్ప కుదరకపోతే ఇమాజిన్ కీ వద్దంటాను, దానికి ఆ రోజులే దొరకవు. నాట్స్ పాస్‌తో మొదలుపెట్టమంటాను. ఇంట్లో బడికి వెళ్ళని చిన్నవాళ్ళుంటే, వారం మధ్యలో పగలు ఖాళీ ఉంటే ఇమాజిన్ కీ అంత మంచిది ఇంకోటి లేదు. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు ఒక్కరోజు టికెట్ మాత్రం కొనకండి. రెండు రోజులవి కొని, రెండు మధ్యాహ్నాలూ నిద్రకు వదిలేయండి.

మావాళ్ళు మళ్ళీ వస్తామంటున్నారు. డిసెంబరులో అన్నారు, క్రిస్మస్ రోజులు మా కీకి కుదరవని జనవరి చివర్లో రమ్మన్నాను. మావయ్యగారి మ్యాపు మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. రెండు రోజులూ అయ్యాక కూడా టిక్కు పడనివి తొమ్మిది.