టవర్ 5జీ, ఉపగ్రహం, డాబా మీది రేడియో: తీగ లేని ఇంటి ఇంటర్నెట్‌లో నిలబడేది ఏది?

5జీ ఇంటి రౌటర్ పెట్టె మీద ఎన్ని గిగాబిట్లని రాసినా, కొనేవాళ్లకు పనికొచ్చే అంకె అది కాదు. రాత్రి తొమ్మిదింటికి, చుట్టుపక్కల ఇళ్లన్నిట్లో వీడియోలు నడుస్తున్న వేళ ఎంత వస్తుందన్నదే లెక్క. ఫైబర్‌లోనూ పంపకం ఉంటుంది. కానీ చాలకపోతే కంపెనీ ఇంకో పోగు లాగుతుంది, లేదా రెండు చివర్లా పరికరాలు మారుస్తుంది. గాలికి ఆ వెసులుబాటు తక్కువ. ఒక టవర్ సెక్టార్ (టవర్ ఒక దిక్కుకు కవర్ చేసే భాగం) కిందో, ఒక ఉపగ్రహ బీమ్ (నేల మీదికి వదిలే సిగ్నల్ పుంజం) కిందో ఉన్నవాళ్లంతా ఒకే కుండలోంచి ముంచుకోవాలి. కుండ ఎంత పెద్దది, దాని చుట్టూ ఎందరు చేరతారు? మూడు రకాల సేవలనూ ఇక్కడ ఆ కొలతతోనే చూస్తున్నాం.

ముందు ఓడిపోయినదాని సంగతి

మార్కెట్ జోస్యాలు చెప్పేవాళ్లు వైమాక్స్‌ను, అంటే తీగ లేకుండా ఇంటర్నెట్ ఇవ్వడానికి వచ్చిన పాత ప్రమాణాన్ని, ఒకసారి తలుచుకుంటే మంచిది. దక్షిణ కొరియాలో వైబ్రో పేరుతో మొబైల్ వైమాక్స్ 2006లోనే మొదలైంది. దాని పోటీదారు ఎల్‌టీఈ (మనం 4జీ అనేది) తొలి వాణిజ్య సేవ స్టాక్‌హోమ్, ఓస్లో నగరాల్లో 2009 డిసెంబరుకు గానీ రాలేదు. మూడేళ్లు ముందున్నా, ఇంటెల్ అండ ఉన్నా వైమాక్స్ ఓడింది. రేడియో వైపు చూస్తే రెండూ దగ్గరి చుట్టాలే. చానెల్‌ను సన్న పాయలుగా చీల్చి పంచే ఓఎఫ్‌డీఎంఏ, ఒకేసారి పలు యాంటెన్నాలు వాడే మిమో రెండింట్లోనూ ఉన్నాయి. తేడా వెనకాల ఉంది. అప్పటికే జీఎస్ఎం, 3జీ నడుపుతున్న ఆపరేటర్లకు ఎల్‌టీఈ అంటే ఉన్న ఇంటి మీద ఇంకో అంతస్తు. వైమాక్స్ అంటే పక్క స్థలంలో కొత్త పునాది. ఫోన్లు ఎల్‌టీఈ వైపు వెళ్లాయి. కోట్లలో తయారయ్యే చిప్‌ల ధర పడిపోయింది. వేలల్లో తయారయ్యే చిప్‌ల ధర అక్కడే ఉండిపోయింది.

ఇందులో ఒక తమాషా ఉంది. అమెరికాలో క్లియర్‌వైర్ 2.5 గిగాహెర్ట్జ్ పట్టీలో (ఫ్రీక్వెన్సీ బ్యాండ్‌లో) కట్టిన వైమాక్స్ నెట్‌వర్క్ స్ప్రింట్ చేతికి వెళ్లి 2016లో మూతపడింది. ఆ స్ప్రింట్‌ను 2020లో కలుపుకున్న టీ-మొబైల్, మరుసటి ఏడాది ఇంటి ఇంటర్నెట్‌ను దేశమంతా అమ్మకానికి పెట్టింది. దాని 5జీకి వెన్నెముక ఆ 2.5 గిగాహెర్ట్జ్ పట్టీయే. వైమాక్స్ పోయింది గానీ, వైమాక్స్ కల కన్న పని దాని స్పెక్ట్రమ్ (వాడుకోవడానికి దక్కిన రేడియో పట్టీలు) మీదే జరుగుతోంది. అందుకే ఏ సాంకేతికత గొప్పదని అడగడం కన్నా, ఫోన్ల చిప్ ఎవరికి కలిసొస్తుంది, మిగులు స్పెక్ట్రమ్ ఎవరి దగ్గరుంది అని అడగడమే మేలు.

టవర్ నుంచి వచ్చే 5జీ

దీన్ని ఎఫ్‌డబ్ల్యూఏ (ఫిక్స్‌డ్ వైర్‌లెస్ యాక్సెస్) అంటారు. పట్టీని బట్టి ఇది మూడు వేర్వేరు సేవలకు ఒకే పేరు. 700 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల పట్టీలు గోడలు దాటి లోపలికి వస్తాయి గానీ వాటి వెడల్పు తక్కువ, వేగమూ తక్కువే. 28 గిగాహెర్ట్జ్ లాంటి మిల్లీమీటర్ తరంగాలకు వెడల్పు బోలెడు. కాకపోతే ఒకే రకం యాంటెన్నాతో, ఒకే దూరంలో, 3.5 గిగాహెర్ట్జ్‌తో పోలిస్తే సిగ్నల్ 18 డీబీ (డెసిబెల్) ఎక్కువ పోతుంది. అంటే అందే శక్తి 64వ వంతు. పైగా మధ్యలో ఒక గుబురు చెట్టు చాలు ఆపేయడానికి. వెరైజన్ 2018 అక్టోబరులో నాలుగు నగరాల్లో 28 గిగాహెర్ట్జ్‌తోనే ఇంటి సేవ మొదలుపెట్టింది. 2022 జనవరిలో మధ్య పట్టీ అయిన సి-బ్యాండ్ చేతికొచ్చాకే దానికి విస్తారంగా అమ్మే వీలు దొరికింది. ఇళ్లకు సరిపడేది మధ్య పట్టీయే: 2.5 నుంచి 4 గిగాహెర్ట్జ్ లోపు.

ఇప్పుడు కుండ లెక్క. ఒక సెక్టార్ సగటున 800 ఎంబీపీఎస్ ఇస్తుందనుకుందాం. ఒక 4కే వీడియో 15 ఎంబీపీఎస్ తింటే, ఒకేసారి 53 ఇళ్లలో చూసేసరికి కుండ ఖాళీ. ఫోన్లు వాడేవాళ్ల వాటా ఇంకా తీయనే లేదు. చాలా ప్లాన్లలో రద్దీ వేళ ఫోన్లకే ముందు పీట, ఇంటి రౌటర్ వెనక వరుసలో కూర్చుంటుంది. అందుకే తెలివైన ఆపరేటర్లు సెక్టార్‌కు ఇన్ని ఇళ్లని గీత గీసి, మిగులున్న చిరునామాలకే అమ్ముతారు. మీ చిరునామా కొట్టగానే 'ప్రస్తుతం లభ్యం కాదు' అని వస్తే విసుక్కోకండి, అది మంచి కంపెనీ లక్షణం. అడిగిన వాళ్లందరికీ కాదనకుండా ఇచ్చేదానితోనే జాగ్రత్త.

బిగించడంలో జరిగే తప్పుల్లో మొదటిది సిగ్నల్ గీతలను నమ్మడం. గీతలు చాలావరకు ఆర్ఎస్ఆర్‌పీని, అంటే సిగ్నల్ బలాన్ని చూపిస్తాయి. వేగాన్ని తేల్చేది ఎస్ఐఎన్ఆర్, అంటే పక్క టవర్ల గోలలోంచి మన సిగ్నల్ ఎంత శుభ్రంగా వినిపిస్తుందన్నది. ఆర్ఎస్ఆర్‌పీ మైనస్ 80 ఉండి ఎస్ఐఎన్ఆర్ 3 ఉన్న కిటికీ కన్నా, ఆర్ఎస్ఆర్‌పీ మైనస్ 95, ఎస్ఐఎన్ఆర్ 18 ఉన్న కిటికీ సిద్ధాంతపరంగా దాదాపు నాలుగింతలు మోయగలదు. రౌటర్ అడ్మిన్ పేజీలో ఈ రెండూ కనిపిస్తాయి. ఇంట్లో నాలుగైదు చోట్ల పెట్టి, ఒక్కోచోట రెండు నిమిషాలు ఆగి, ఎస్ఐఎన్ఆర్ రాసుకోండి. 13 దాటితే బాగు, 20 దాటితే ఇక కదపొద్దు.

కిటికీ అద్దానికి వేడి ఆపే లోహపు పూత ఉంటే అది 20 డీబీకి పైగానే మింగేస్తుంది. అంటే నూటికి ఒక వంతు మిగులుతుంది. అలాంటి ఇంట్లో కిటికీ పక్కన పెట్టడం కన్నా ఇటుక గోడ పక్కన పెట్టడమే ఒక్కోసారి నయం. వెంటనే తట్టే ఉపాయం బయట యాంటెన్నా పెట్టి కేబుల్ లోపలికి లాగడం. ఇక్కడే రెండో తప్పు జరుగుతుంది. ఆర్‌జీ-58 లాంటి సన్న కేబుల్ ఈ పట్టీల్లో మీటరుకు ఒక డీబీ పైనే పోగొడుతుంది. పది మీటర్లు లాగితే యాంటెన్నా సంపాదించినదంతా కేబులే తినేస్తుంది. మోడెమ్ కూడా లోపలే ఉన్న ఔట్‌డోర్ యూనిట్ తీసుకుని, పీఓఈతో (డేటా తీగలోనే కరెంటూ పంపే పద్ధతితో) ఈథర్నెట్ కేబుల్ దించుకోవాలి. అది 100 మీటర్ల దాకా బిట్లు పోగొట్టదు. కనెక్టర్ కిందివైపు ఉండాలి. కేబుల్ గోడలోకి వెళ్లేముందు ఒక వంపు కిందికి వేలాడితే వాన నీళ్లు అక్కడే కారిపోతాయి. కొన్నాళ్లు బాగా నడిచి తర్వాత వేగం తగ్గిన ఔట్‌డోర్ యూనిట్లలో ముందు చూడాల్సింది కనెక్టర్‌లో తడి.

ఇంకో రెండు చికాకులు. ఎక్కువ ఆపరేటర్లు ఇంటిని సీజీనాట్ (చాలా ఇళ్లకు కలిపి ఒకే ఇంటర్నెట్ చిరునామా ఇచ్చే పద్ధతి) వెనక పెడతారు కాబట్టి ఇంటి కెమెరాను బయటి నుంచి నేరుగా తెరవలేరు, పోర్ట్ ఫార్వార్డింగ్ పనిచేయదు. ఐపీవీ6 (ప్రతి పరికరానికీ సొంత చిరునామా దొరికే కొత్త పద్ధతి) ఇస్తారో లేదో ముందే అడగండి. రెండోది అప్‌లోడ్: టీడీడీలో (ఒకే పట్టీని డౌన్‌లోడ్, అప్‌లోడ్ వంతులవారీగా వాడుకునే పద్ధతిలో) సమయం ఎక్కువ భాగం డౌన్‌లోడ్‌కే కేటాయిస్తారు, పైగా రౌటర్ ప్రసార శక్తి టవర్‌తో పోలిస్తే దీపం ముందు మిణుగురు. పెద్ద ఫైలు పైకి ఎక్కుతుంటే వీడియో కాల్ ముక్కలవడానికి మూలం ఇదే. రౌటర్‌లో ఎస్‌క్యూఎం (డేటా వరుసను క్రమంలో పెట్టే సదుపాయం) ఉంటే, అప్‌లోడ్ పరిమితిని రద్దీ వేళ వచ్చే వేగంలో 85 శాతం దగ్గర కట్టండి. కాల్స్ కుదుటపడతాయి.

ఉపగ్రహం

పాత ఉపగ్రహ ఇంటర్నెట్‌ను బట్టి కొత్తదాన్ని అంచనా కట్టొద్దు. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి కాంతి వేగంతోనే 477 మిల్లీసెకన్లు పడుతుంది, దాన్ని ఏ ఇంజనీరూ తగ్గించలేడు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు 550 కిలోమీటర్ల చుట్టుపక్కల తిరుగుతాయి కాబట్టి ఆ ప్రయాణం ఎనిమిది మిల్లీసెకన్లలోపే. మిగతా ఆలస్యాలన్నీ కలిపినా చేతికొచ్చేది సాధారణంగా 25 నుంచి 60. వీడియో కాల్‌కు ఇబ్బంది లేదు.

దీని శత్రువు చెట్టు. డిష్‌కు 100 డిగ్రీలకు పైగా తెరిచిన ఆకాశం కావాలి. ఉపగ్రహాల కేటాయింపు ప్రతి 15 సెకన్లకూ మారుతుంది, కాబట్టి ఒక్క కొమ్మ అడ్డున్నా ఏదో ఒక ఉపగ్రహం దాని వెనక్కి వెళ్లినప్పుడల్లా ఒకట్రెండు సెకన్లు తెగుతుంది. సినిమా చూసేవాళ్లకు తెలియదు, బఫర్ కాపాడుతుంది. కాల్‌లో ఉన్నవాళ్లకు మాట తెగుతుంది. యాప్‌లో ఆకాశాన్ని స్కాన్ చేసే సదుపాయం ఉంది. డిష్ కొనకముందే, ఎక్కడ బిగిస్తారో సరిగ్గా అక్కడ నిలబడి చేయాలి. నేల మీద చేసి డాబా మీద బిగిస్తే ఆ స్కాన్ వృథా. కుండపోత వాన మబ్బు మీదికొస్తే కొన్ని నిమిషాలు పోతుంది, దానికి మందు లేదు.

కరెంటు సంగతి ఎవరూ చెప్పరు. మామూలు డిష్ 75 నుంచి 100 వాట్లు లాగుతుంది. 30 రోజులకు 54 నుంచి 72 యూనిట్లు. బ్యాటరీ మీద నడిపే చోట ఇది చిన్న భారం కాదు. అక్కడ 25 నుంచి 40 వాట్లతో సరిపెట్టుకునే చిన్న డిష్ నయం, వేగం కొంత తగ్గినా సరే.

ఇక కుండ. ఒక బీమ్ కింద పడే నేల కిలోమీటర్ల వెడల్పున ఉంటుంది. ఊరికి దూరంగా ఉన్న పది ఇళ్లకు అది సముద్రం, కిక్కిరిసిన పేటకు చెంబెడు. టవర్‌కు పోటీ అని దీన్ని రాసేవాళ్లు ఈ ఒక్క విషయం వదిలేస్తారు.

డాబా మీది రేడియో

లైసెన్సు అక్కర్లేని 5 గిగాహెర్ట్జ్‌లో చిన్న ఆపరేటర్లు నడిపే లింకులు చౌక, త్వరగా లేస్తాయి. కంటికి ఎదురుగా కనపడితే చాలదు, దారి మధ్యలో తరంగానికి ఒళ్లు విరుచుకునే చోటు కావాలి. 5 కిలోమీటర్లు, 5.8 గిగాహెర్ట్జ్ అయితే మధ్యలో ఆ చోటు, అంటే ఫ్రెనెల్ జోన్, వ్యాసార్థం 8 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే సుమారు 5 మీటర్లు, చూపు గీత చుట్టూ ఖాళీ ఉండాలి. మామూలు వైఫై పద్ధతిలో నడిపితే ఒక ఇంటి రేడియో ఇంకో ఇంటిది వినలేక ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తారు. ఆపరేటర్‌ను టీడీఎంఏ (ఒక్కో ఇంటికి ఒక్కో సమయపు వంతు ఇచ్చే పద్ధతి) వాడుతున్నారా అని అడగండి, ప్రశ్న అర్థం కాకపోతే జవాబు దొరికినట్టే. రాడార్లతో పంచుకునే డీఎఫ్‌ఎస్ చానెళ్లలో రాడార్ పసిగడితే రేడియో ఆ చానెల్ వదిలేయాలి, అరగంట దాకా తిరిగి రాకూడదు. కారణం లేకుండా నిమిషం పాటు లింకు పోతోందంటే లాగ్‌లో ముందు దీన్నే వెతకాలి.

60 గిగాహెర్ట్జ్‌ది వేరే కథ. అక్కడ గాలిలోని ఆక్సిజనే కిలోమీటరుకు 15 డీబీ మింగుతుంది. అది శాపమే కాదు, పక్క వీధి లింకు మన దాకా రాదు కాబట్టి గోల ఉండదు. కొన్ని వందల మీటర్లలోపు, గాలికి ఊగని పోల్ మీద, ఒక భవనం ఫైబర్‌ను ఎదుటి భవనానికి దాటించడానికి దీన్ని మించింది లేదు.

ముందు ముందు

టవర్ 5జీది రానున్న కొన్నేళ్ల వరకు పైచేయి. చిప్ ఫోన్లది, టవర్ ఫోన్లది, స్పెక్ట్రమ్ ఫోన్లది. ఇంటి సేవ మిగులు మీద బతుకుతోంది. ఆ మిగులు కరిగిన చోట, అంటే జనం ఎక్కువున్న చోట, ఆపరేటరే ఫైబర్ వేసి ఇవే ఇళ్లను అటు మళ్లిస్తాడు. ఫైబర్ గుమ్మం దాకా వచ్చిన ఇంటికి ఇది రెండో లైనుగానే పనికొస్తుంది.

ఉపగ్రహాల వాళ్ల లెక్క కఠినం. ఈ ఎత్తులో తిరిగేవాటి ఆయుష్షు అయిదేళ్ల మాట, అంటే నెట్‌వర్క్ మొత్తాన్ని అయిదేళ్లకోసారి మళ్లీ కట్టాలి. ఉపగ్రహ ఫోన్ల కంపెనీ ఇరిడియం 1999లో దివాలా తీసింది ఉపగ్రహాలు పనిచేయక కాదు, చందాదారులు చాలక. స్టార్‌లింక్ దగ్గర సొంత రాకెట్లున్నాయి కాబట్టి తట్టుకుంటుంది. 3,236 ఉపగ్రహాల ప్రణాళికతో, కైపర్ పేరుతో 2025లో అసలు ఉపగ్రహాల ప్రయోగాలు మొదలుపెట్టిన అమెజాన్‌కు డబ్బుంది, తొందరా ఉంది. 1,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే వన్‌వెబ్ 2023లో యూటెల్‌శాట్‌లో కలిసింది, అది సంస్థల సరుకు. ఒకరి డిష్ ఇంకొకరికి పనికిరాదు. ఇది వైమాక్స్‌లో కూడా లేని జబ్బు. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ 2022లో రిలీజ్ 17తో ఉపగ్రహ మార్గాన్ని తన ప్రమాణంలో చేర్చింది గానీ, అది ఇప్పటికి ఫోన్ల సందేశాల స్థాయిదే, ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌ది కాదు.

ఏది తీసుకున్నా వాపసు గడువు ఉండగానే ఒక పరీక్ష చేయండి. ల్యాప్‌టాప్‌ను ఈథర్నెట్ తీగతో రౌటర్‌కు కలపాలి, లేకపోతే ఇంటి వైఫై తప్పు సేవ మీద పడుతుంది. ఉదయం 6, మధ్యాహ్నం 3, రాత్రి 9 గంటలకు వారం పాటు కొలవండి. వేగంతో పాటు, పెద్ద ఫైలు పైకి ఎక్కిస్తూ పింగ్ (జవాబు రావడానికి పట్టే మిల్లీసెకన్లు) ఎంతకు లేస్తుందో కూడా రాసుకోండి. రాత్రి వేగం ఉదయం దాంట్లో మూడో వంతుకు పడిపోయినా, పింగ్ 200 దాటినా పెట్టెను మళ్లీ ప్యాక్ చేయండి.