1,499 రూపాయల పీహెచ్‌పీ కోర్సు: సగం మంచి పాఠం, సగం పాత సరుకు

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. సీజన్‌లో ధాన్యం లారీల కాటా చీటీలు ముందు పుస్తకంలో ఎక్కించి, రాత్రి మళ్ళీ అవే ఎక్సెల్‌లో కొట్టాలి. బ్రౌజర్‌లో తెరుచుకునే చిన్న ఫారం ఒకటి నేనే చేసుకుంటే ఈ రెండో పని తప్పుతుంది కదా అని వెబ్ పేజీలు నడిపే కోడ్ భాష పీహెచ్‌పీ మొదలుపెట్టా. చదివింది బీకాం, అప్పటిదాకా ఒక్క లైను కోడ్ రాసింది లేదు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావమరిది వినగానే నవ్వాడు. "ఈ రోజుల్లో పీహెచ్‌పీ ఎందుకు బావా, పైథాన్ నేర్చుకో" అని. నాకు కావలసింది ఉద్యోగం కాదురా, ఫారం అన్నాను. అయినా వెబ్‌సైట్లు కట్టుకునే వర్డ్‌ప్రెస్ నడిచేది దీంతోనే, వికీపీడియా వెనక ఉన్న మీడియావికీ రాసిందీ దీంట్లోనే, ఫేస్‌బుక్ మొదలైందీ దీంతోనే. 1994లో రాస్మస్ లెర్డార్ఫ్ అనే ఆయన సొంత వెబ్ పేజీ అవసరానికి రాసుకున్న పనిముట్లే పెరిగి పెరిగి ఇంతయ్యాయి. ఆయనదీ నాలాంటి అవసరమే అనుకుని కొంచెం ధైర్యం తెచ్చుకున్నా.

కోర్సు పేరు చెప్పను. తెలుగులో రికార్డు చేసిన వీడియోలు, ఒక వాట్సాప్ గ్రూపు, చివర్లో సర్టిఫికెట్. అసలు ధర 4,999, ఆఫర్‌లో 1,499, ఇంకో నాలుగు గంటలే టైం అని గడియారం తిరుగుతూ ఉంటే టెన్షన్ పడి కట్టేశా. మర్నాడు చూస్తే మళ్ళీ అదే నాలుగు గంటలు.

ముందు మంచి చెప్పాలి, ఎందుకంటే మొదటి పది పన్నెండు వీడియోలు నిజంగా బాగున్నాయి. లూప్ అంటే ఏమిటో ఎక్కాలు ప్రింట్ చేయించి చూపించాడు, మూడో ఎక్కం తెర మీద టకటకా పడుతుంటే మా అమ్మాయి కూడా వచ్చి పక్కన కూర్చుంది. ఫారంలో నింపింది సర్వర్‌కు పంపే రెండు దారుల్లో గెట్ అంటే పోస్టుకార్డు, పోస్ట్ అంటే కవరు అన్నాడు. ఒకదాంట్లో రాసింది అడ్రస్ బార్‌లో అందరికీ కనిపిస్తుంది, ఇంకోదాంట్లో కనిపించదు. (కవరైనా దారిలో ఎవడో చింపి చూడొచ్చు, దారిలో ఎవరూ చదవకుండా గుప్తంగా పంపే హెచ్‌టీటీపీఎస్ లేకపోతే పోస్ట్ కూడా అంతే. అది మాత్రం చెప్పలేదు.) వేరియబుల్ ముందు డాలర్ గుర్తు, లైను చివర సెమికోలన్, రెండు మాటలు కలపాలంటే ప్లస్ కాదు చుక్క. ఇవన్నీ వారంలో చేతికి వచ్చేశాయి. పీహెచ్‌పీ సులువు అని అందరూ అనేది ఉత్త మాట కాదు. ఫైల్ సేవ్ చేసి బ్రౌజర్‌లో రిఫ్రెష్ కొడితే చాలు, ఫలితం కళ్ళ ముందే ఉంటుంది.

గొడవ మొదలైంది గ్రూపులో. పీహెచ్‌పీకి కావలసినవన్నీ ఒకేసారి ఇచ్చే ఎక్స్ఏఎంపీపీ అనే ప్యాకేజీ వేసుకుంటే, అందులో పేజీలు అందించే అపాచీ సర్వర్ నాకు స్టార్ట్ కాలేదు. అడిగితే "రీస్టార్ట్ చేయండి సర్" అని ఒక్క ముక్క. మూడు రోజులు రీస్టార్ట్ చేశాక తేలిందేమిటంటే అపాచీ వాడే తలుపు నంబరు, అంటే పోర్ట్ 80ని, నా సిస్టమ్‌లో ఇంకో ప్రోగ్రాం పట్టుకుని కూర్చుంది, సెట్టింగ్ ఫైల్‌లో దాన్ని 8080 చేస్తే సరిపోయింది. అసలు నేర్చుకోవడానికైతే అపాచీ కూడా అక్కర్లేదు, పీహెచ్‌పీలోనే ఒక చిన్న సర్వర్ ఉంది, 5.4 వెర్షన్ నుంచీ ఉంది, ఒక్క కమాండ్‌తో నడుస్తుంది. ఆ ముక్క మొదటి రోజే చెప్తే మూడు రాత్రులు మిగిలేవి.

అంతకన్నా పెద్దది డేటాబేస్ పాఠం. వీడియోలో ఉన్నది ఉన్నట్టు కొట్టా, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌కు కలిపే మైఎస్‌క్యూఎల్ కనెక్ట్ అనే ఫంక్షనే లేదని ఎర్రర్. ఎందుకు ఉంటుంది, ఆ పాత ఫంక్షన్లను 2015 డిసెంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 7లోనే తీసేశారు! గ్రూపులో అడిగితే 5.6 వెర్షన్ ఉన్న పాత ఎక్స్ఏఎంపీపీ వేసుకోమన్నారు. 5.6కి భద్రతా అప్‌డేట్లు 2018తోనే ఆగిపోయాయని అప్పటికి నాకు తెలియదు, బుద్ధిగా వేసుకున్నా. ఆ పాత వెర్షన్‌లో రెండు కోలన్ల దగ్గర తప్పు చేస్తే "పామాయిమ్ నెకుదోతాయిమ్" అని ఏదో మంత్రంలా ఎర్రర్ వచ్చేది. వైరస్ అనుకుని భయపడ్డా. హీబ్రూలో రెండు జంట చుక్కలు అని దానర్థమట, పీహెచ్‌పీ 3వ వెర్షన్‌ను మళ్ళీ రాసిన ఇద్దరూ ఇజ్రాయెల్ వాళ్ళు, వాళ్ళు పెట్టిన పేరు అలా ఉండిపోయింది.

ఆ పాఠం ప్రకారం లాగిన్ పేజీ కూడా కట్టా, పనిచేసింది, మా ఓనర్‌కి చూపించి మెప్పు కూడా పొందా. తర్వాత ఎక్కడో చదివి, యూజర్ నేమ్ డబ్బాలో పేరు బదులు ఒక కోట్ గుర్తు, ఎప్పుడూ నిజమే అయ్యే 1=1 లాంటి ముక్క పెట్టి చూశాను. పాస్‌వర్డ్ తప్పు కొట్టినా తలుపు తెరుచుకుంది. నా చేత్తో నేనే తాళం లేని గది కట్టి మిల్లు లెక్కలు అందులో పెట్టబోయా. ఫారంలో వచ్చినదాన్ని నేరుగా క్వెరీలో, అంటే డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశంలో, అతికించమని నేర్పిస్తే ఇంకేమవుతుంది. పాస్‌వర్డ్ దాచడానికి సులువుగా ఛేదించగలిగే పాత పద్ధతి ఎండీ5 వాడమన్నాడు, దానికోసమే ఉన్న పాస్‌వర్డ్ హ్యాష్ అనే ఫంక్షన్ ఆ పాత 5.5లోనే ఉన్నా సరే.

అక్కడితో ఆ కోర్సు ఆపేసి ల్యారాకాస్ట్స్ అనే వీడియో పాఠాల సైట్‌లో ఉచితంగా దొరికే పీహెచ్‌పీ ఫర్ బిగినర్స్ పట్టుకున్నా. ఇంగ్లిష్, అమెరికా యాస, మొదట్లో 0.75 స్పీడులో పెట్టి విన్నా. ఒక్కో వీడియో చిన్నది, అన్నం తినేలోపు ఒకటి అయిపోతుంది. పీడీఓ (డేటాబేస్‌తో మాట్లాడే కొత్త పద్ధతి), ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (ఫారంలో వచ్చినదాన్ని క్వెరీలో అతికించకుండా విడిగా పంపడం), సెషన్లు (లాగిన్ అయినవాళ్ళని గుర్తుపెట్టుకోవడం), లాగిన్ అన్నీ ఒక చిన్న నోట్స్ యాప్ కడుతూ వరసగా వస్తాయి, తాళం ఎలా వేయాలో అక్కడే అర్థమైంది. ఇందులోనూ లోపం లేకపోలేదు. సగం దాటాక రౌటర్, కంటైనర్ అంటూ పెద్ద ప్రోగ్రాంల కట్టుబడిలోకి తీసుకెళ్తాడు, కంటైనర్ దగ్గర నేను రెండుసార్లు వదిలేసి మూడోసారి దాటేశా. నా ఫారానికి దాని అవసరం రాలేదు. ఇక పీహెచ్‌పీ డాట్ నెట్‌లో ఉన్న మాన్యువల్, పేజీల కింద వాడేవాళ్ళు రాసిన నోట్స్‌తో సహా, అలవాటైతే దానికి మించింది లేదు. ఆ కామెంట్లలో పాతవీ ఉంటాయి, తేదీ చూసుకోవాలి.

ఏ కోర్సూ చెప్పనిది, మనవాళ్ళకు తప్పకుండా తగిలేది ఒకటుంది. డ్రైవర్ పేరు 30 అక్షరాలు దాటకూడదని పొడవు కొలిచే ఫంక్షన్ స్ట్ర్‌లెన్‌తో చెక్ పెట్టా. ఇంగ్లిష్ పేర్లన్నీ సేవ్ అవుతున్నాయి, వెంకటేశ్వరరావు మాత్రం అవట్లేదు. ఎందుకంటే స్ట్ర్‌లెన్ లెక్కపెట్టేది అక్షరాలు కాదు, బైట్లు. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు, కాబట్టి మన కంటికి ఏడక్షరాలున్న వెంకటేశ్వరరావు దానికి 42. ఎంబీ స్ట్ర్‌లెన్ వాడితే 14కి దిగింది, గుణింతాలను, పొల్లును విడిగా లెక్కేస్తుంది కాబట్టి. ఏడు కాకపోయినా నా పనికి అది చాలు. ఆ పేరునే డేటాబేస్‌లో పెడితే వరసగా ప్రశ్నార్థకాలు పడ్డాయి, టేబుల్‌కీ కనెక్షన్‌కీ అన్ని భాషల అక్షరాలనూ దాచగలిగే యూటీఎఫ్8ఎంబీ4 సెట్టింగ్ పెట్టాక గానీ తెలుగు తెలుగులా కనిపించలేదు.

కాబట్టి డబ్బు కట్టిన కోర్సుకి నేనిచ్చేది 5కి 2, ఆ రెండూ మొదటి పన్నెండు వీడియోలకే. తెలుగులో వింటే తప్ప బుర్రకెక్కదు అనుకునేవాళ్ళు తెలుగు కోర్సే తీసుకోండి, తప్పు లేదు, కానీ కట్టేముందు పాఠాల జాబితాలో పీడీఓ, ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అన్న మాటలు ఉన్నాయా చూడండి, ఏ వెర్షన్ మీద చెప్తున్నారో గ్రూపు వాళ్ళని అడగండి. 5.6 అంటే దండం పెట్టి వచ్చేయండి. నేను రీఫండ్ అడిగితే ఏడు రోజులు దాటిపోయాయన్నారు.

నా ఫారం ఇప్పుడు మిల్లులో రెండు కంప్యూటర్లలో నడుస్తోంది. చీటీ ప్రింట్ మాత్రం ఇంకా కాగితం సైజుకు కుదరట్లేదు, బస్తాల సంఖ్య పక్కకు తెగిపోతోంది. అది పీహెచ్‌పీ తప్పు కాదట, పేజీ రూపం, సైజు దిద్దే సీఎస్ఎస్ అట. దానికి ఎవరైనా మంచి తెలుగు కోర్సు చెప్తే చూస్తా, గడియారం తిరగనిది.