బ్రెజిల్‌ని ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? ఈ మూడింట్లో ఏది మేలు?

ఫుట్‌బాల్, కార్నివాల్ సరే, అసలు బ్రెజిల్ అనే దేశం ఎలా తయారైందో తెలియాలంటే ముందు ఏ పుస్తకం చదవాలి? ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగినవాళ్ళ అభిరుచిని బట్టి ఏదో ఒక పేరు చెప్పి తప్పించుకునేవాణ్ణి. మొన్న వేసవిలో మూడు పుస్తకాల్ని వరసగా మళ్ళీ చదివాక (ఇంగ్లీషు అనువాదాల్లోనే లెండి) ఒక లెక్కకి వచ్చాను. మూడూ గొప్పవే. తేడా అంతా కథ ఎవరి నోటినుంచి వస్తోందన్న దగ్గరే ఉంది.

మొదటిది ఎవుక్లీదిస్ ద కూన్యా 1902లో రాసిన 'ఓస్ సెర్తోయిస్'. బాయియా రాష్ట్రంలోని కరువు సీమలో ఒక సాధువు చుట్టూ చేరిన పేదలు కట్టుకున్న ఊరు కనుదోస్. రాజరికాన్ని తీసేసి కొత్తగా వచ్చిన రిపబ్లిక్ ప్రభుత్వానికి వాళ్ళు రాజుగారి మనుషుల్లా కనిపించారు. మూడుసార్లు సైన్యం ఓడిపోయి, నాలుగోసారి 1897లో ఆ ఊరిని నేలమట్టం చేసింది. కూన్యా పత్రికా విలేఖరిగా, సైన్యం వైపు మనిషిగానే అక్కడికి వెళ్ళాడు. తిరిగొచ్చాక ఇది నేరమని రాశాడు. చివర్లో మిగిలింది నలుగురు: ఒక ముసలివాడు, ఇద్దరు మగవాళ్ళు, ఒక పిల్లవాడు. వాళ్ళ ఎదురుగా ఐదువేల మంది సైనికులు. ఆ పేజీ మర్చిపోవడం కష్టం. కానీ అక్కడిదాకా చేరాలిగా! నేల, రాళ్ళు, వానల గురించిన మొదటి భాగంలో నేను రెండుసార్లు చతికిలబడ్డాను. పైగా ఆ కాలపు జాతి సిద్ధాంతాలు బుర్రలో నింపుకుని రాశాడాయన. సంకరజాతి బలహీనమైనదని ఒకచోట అంటాడు, ఆ మనుషుల గట్టితనం చూసి ఇంకోచోట నోరెళ్ళబెడతాడు. ఎంత నిజాయితీ ఉన్నా, బయటినుంచి వచ్చినవాడి చూపే.

ఆ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు రియోలో ఒక కొండమీద గుడిసెలు వేసుకుని, దానికి కనుదోస్ దగ్గరి కొండ పేరే పెట్టుకున్నారు: ఫవేలా. మురికివాడలన్నిటికీ తర్వాత అదే పేరైంది. సావో పాలోలోని అలాంటి ఒక వాడలో చిత్తుకాగితాలు ఏరుకుంటూ ముగ్గురు పిల్లల్ని పెంచిన కరోలినా మరియా ద జెజూస్ డైరీ 1960లో 'క్వార్తో ద దెస్పేజో' అనే పుస్తకంగా వచ్చింది. ఈ మూడింట్లో రెండోది అదే. మొదటి పేజీలోనే కూతురి పుట్టినరోజు. చెప్పులు కొనలేక, చెత్తలో దొరికిన జత కడిగి కుట్టి ఇస్తుంది. బానిసత్వం రద్దైన తేదీ మే 13. 1958లో అదే రోజున, నేటి బానిసత్వం ఆకలే, దానితో పోరాడానని రాసుకుంది. రెండు రోజుల్లో చదివేయొచ్చు. అయితే ఇది ఫలితం చూపించే పుస్తకం. ఇదంతా ఎక్కడ మొదలైందో దీంట్లో దొరకదు.

అది దొరికేది మషాదో ద అసీస్ దగ్గర. 1881లో వచ్చిన ఆయన నవల 'బ్రాస్ కూబస్ మరణానంతర జ్ఞాపకాలు'లో బ్రాస్ కూబస్ అనే ధనికుడు చచ్చిపోయాక తన కథ తానే చెప్పుకుంటాడు. ఆరేళ్ళప్పుడు ప్రుదెన్సియో అనే బానిస పిల్లాడు అతని గుర్రం. నోట్లో తాడు పెట్టి, వీపెక్కి, బెత్తంతో కొట్టేవాడు. వాడు "అబ్బా, దొరా!" అంటే, "నోర్మూయ్, పశువా!" ఏళ్ళు గడిచాక, బానిసల్ని అమ్మే వలొంగో పేటలో ఒక నల్లవాడు ఇంకో నల్లవాణ్ణి కొరడాతో బాదుతుంటాడు. కొట్టేది ప్రుదెన్సియోనే. విముక్తి దొరికాక తనకో బానిసను కొనుక్కున్నాడు! "నోర్మూయ్, పశువా!" అన్న అదే మాట ఇప్పుడు ఆ కొరడా అంటోంది. పాత దొర చెప్పగానే కొట్టడం ఆపేస్తాడు. విముక్తి వచ్చినా ఆ అలవాటు పోలేదన్నమాట. ఇదంతా చూసిన బ్రాస్ కూబస్‌కి బాధ కలగదు, తమాషాగా అనిపిస్తుంది.

నా ఓటు దీనికే. బానిసగా బతికి విముక్తి పొందినవాళ్ళ మనవడు మషాదో. ఆయన పుట్టిన కొండ, ఆ ఫవేలా కొండ రియోలో పక్కపక్కనే ఉంటాయి. అయినా బాధితుల పక్షాన ఉపన్యాసం ఇవ్వకుండా దొర నోటితోనే మాట్లాడించాడు, అదీ రద్దుకి ఏడేళ్ళ ముందు. దొర తన గొప్ప చెప్పుకుంటూ తనంతట తానే దొరికిపోతాడు. సుమారు 48 లక్షల మంది ఆఫ్రికన్లను దించుకున్న దేశం రోజువారీగా ఎలా నడిచిందో ఆ ఒక్క కొరడా సీన్ చూపించినంతగా చరిత్ర పుస్తకాలు నాకు చూపించలేదు.

ఇక మిగతా బ్రెజిల్ రచయితల్లో జోర్జి అమాదో చదువుకోడానికి హాయిగా ఉంటాడు, కోకో తోటల గురించి తెలుస్తుంది. అలెన్కార్ 'ఇరసేమా' పెళ్ళిపాటలా ఉంటుంది, ఆఖర్న చదివినా నష్టం లేదు. గ్రాసిలియానో రామోస్ కరువు నవల మాత్రం కూన్యా చదివాక తప్పకుండా పట్టుకోండి.

నవలకి టైమ్ లేదంటే, పారిపోయిన బానిసల్ని పట్టి బతికేవాడి మీద మషాదో 1906లో అచ్చువేసిన 'తండ్రికి ఎదురు తల్లి' అనే చిన్న కథ ఉంది. ఒక పూటలో అయిపోతుంది. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం వద్దు.