మిద్దె మీద స్నాప్‌డ్రాగన్: ఏళ్ల తరబడి పెంచాక నా అభిప్రాయం

విత్తనాల ప్యాకెట్ మీద ‘నిండు ఎండలో పెంచండి’ అని రాసి ఉంటుంది. నర్సరీల్లో డాగ్ ఫ్లవర్ అనే స్నాప్‌డ్రాగన్ పూలమొక్క విషయంలో ఆ మాట మన దగ్గర నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకానే చెల్లుతుంది. హైదరాబాద్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ పడే మిద్దె మీద ఏళ్ల తరబడి ఈ మొక్కను పెంచుతున్నాను. కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. నెల చూసుకుని వేస్తే చలికాలంలో దీనికి సాటి వచ్చే పూలమొక్క తక్కువ. ఉగాదికి ఇల్లంతా పూలు ఉండాలని వేస్తే మాత్రం డబ్బు దండగ.

దీని పుట్టిల్లు మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాలు. పగలు 20, 25 డిగ్రీలు, రాత్రి 10, 15 డిగ్రీలు ఉంటే దీనికి హాయి. మన డిసెంబర్, జనవరి పగళ్లు అంతకంటే కాస్త వేడే అయినా, రాత్రి చలి సరిపోతుంది కాబట్టి ఎండను తట్టుకుంటుంది. న్యూజెర్సీలో ఉండే మా చెల్లెలు ఏప్రిల్‌లో నాటుతుంది. జూన్‌లో పూసి, జూలై వేడికి ఆగిపోయి, సెప్టెంబర్‌లో మళ్లీ అందుకుంటాయట. ప్యాకెట్ల మీద ఉండే సూచనలు చాలావరకు అలాంటి చోట్ల కోసం రాసినవే. వాటిలో నెలలు పక్కన పెట్టి పద్ధతి మాత్రం తీసుకోవాలి. బెంగళూరు వాతావరణం దీనికి మనకంటే బాగా నప్పుతుంది. కోస్తాలో చలి తక్కువ, తేమ ఎక్కువ. అక్కడ పెంచేవాళ్లు పూల కాలం ఇంకా కురచగా ఉంటుందనుకునే మొదలుపెట్టాలి.

నేను విత్తనం అక్టోబర్ మొదట్లో, వానలు వెనకపట్టాక వేస్తాను. విత్తనం గసగసాల కంటే సన్నం, గ్రాముకు వేలల్లో వస్తాయి. పైన మట్టి కప్పకూడదు. ఇది మొలకెత్తడానికి వెలుతురు కావాలి. ప్రోట్రేలో, అంటే నారు పోసే గళ్ల ట్రేలో, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), వర్మీకంపోస్ట్ కలిపి తడిపి, విత్తనాన్ని పైన చల్లి వేలితో మెల్లగా అదిమితే చాలు. నీళ్లు పైనుంచి పోస్తే విత్తనం కొట్టుకుపోతుంది కాబట్టి ట్రేని నీళ్ల పళ్లెంలో పెట్టి కింది నుంచి పీల్చుకోనిస్తాను. ఒకటి రెండు వారాల్లో మొలుస్తాయి. ఈ దశలో తడి ఎక్కువైతే నారుకుళ్లు తెగులు వస్తుంది, రాత్రికి రాత్రి వరసలకు వరసలు వాలిపోతాయి. ఇంత ఓపిక లేనివాళ్లు నవంబర్‌లో నర్సరీకి వెళ్లి డాగ్ ఫ్లవర్ అని అడిగితే నల్ల కవర్లలో మొక్కలు దొరుకుతాయి. కొనేటప్పుడు నిండా పూసిన మొక్క వైపు కాకుండా గుబురుగా ఉండి మొగ్గ దశలో ఉన్నదాని వైపు చూడండి. ఇంటికొచ్చాక ఎక్కువ కాలం పూసేది అదే.

నారు నాలుగంగుళాలు ఎదిగాక మూడో జత ఆకుల పైన తల తుంచాలి. మొదటిసారి చేసేవాళ్లకు చేయి రాదు, ఎదిగే మొక్కను విరిచినట్టు అనిపిస్తుంది. కానీ తుంచిన చోటు కింద నుంచి పక్క కొమ్మలు లేచి, ఒక్క కంకి రావాల్సిన చోట నాలుగైదు వస్తాయి. పూత కొన్ని రోజులు ఆలస్యమవుతుంది, అంతే. కోసి గదిలో పెట్టుకోవడానికి ఒకే పొడవైన కాడ కావాలంటే తుంచక్కర్లేదు.

పొట్టి రకాలా, పొడుగు రకాలా అంటే మిద్దె తోటకు నా ఓటు పొట్టివాటికే. అడుగు లోపే ఉంటాయి, ఎనిమిదంగుళాల కుండీ సరిపోతుంది, గాలికి పడవు. రాకెట్ లాంటి పొడుగు రకాలు రెండున్నర, మూడు అడుగులు లేస్తాయి. చూడ్డానికి దర్జాగా ఉంటాయి గానీ ఒక్కో కొమ్మకు వెదురు పుల్ల కట్టాలి. నేల మీద, ప్రహరీ గోడ పక్కన చోటుంటే మాత్రం పొడుగువే వేయండి. మేడమ్ బటర్‌ఫ్లై అని ముద్దపూల రకం ఒకటుంది. రేకులు నిండుగా, బాగుంటాయి. అయితే ఈ పువ్వు అసలు విశేషమైన నోరు వాటిలో కనిపించదు.

ఆ నోటి గురించి కాస్త చెప్పాలి. మామూలు రకం పువ్వును రెండు పక్కలా వేళ్లతో నొక్కితే పై పెదవి, కింది పెదవి విడిపోతాయి, వదలగానే టప్పున మూసుకుంటాయి. పిల్లలు ఒకసారి చూశారంటే ఇక వదలరు. ఆ తలుపు తీయాలంటే బరువు, బలం ఉండాలి. చిన్న తేనెటీగలు చుట్టూ తిరిగి వెళ్లిపోతాయి. మా మిద్దె మీదికి వచ్చే పెద్ద నల్ల తుమ్మెద కింది పెదవి మీద వాలగానే దాని బరువుకు అది దిగుతుంది. తుమ్మెద తల, భుజాలు లోపలికి దూరుస్తుంది. బయటికి వచ్చేసరికి నల్లటి వీపు మీద పసుపు పుప్పొడి గీత. ఒక్కోసారి ముందు తలుపు జోలికి పోకుండా పువ్వు అడుగున కన్నం చేసి తేనె లాగేసుకుంటుంది కూడా. జనవరిలో పది గంటల ఎండలో కుర్చీ వేసుకుని ఇది చూడ్డానికే నేను ఈ మొక్క పెంచుతానన్నా తప్పు లేదు.

ఇక ఇబ్బందులు. అన్నిటికంటే పెద్దది తుప్పు తెగులు. ఆకు పైన లేత పసుపు చుక్కలు కనిపిస్తే వెంటనే ఆకు తిప్పి చూడండి. సరిగ్గా ఆ చుక్కల కిందే గోధుమ రంగు బొబ్బలుంటాయి, వేలితో రుద్దితే తుప్పు రంగు పొడి అంటుకుంటుంది. ఆ పొడే గాలికి ఎగిరి పక్క కుండీలకు పాకుతుంది. ఆకులు రాత్రంతా తడిగా ఉంటే దానికి పండగ. కాబట్టి నీళ్లు పొద్దున్నే, ఆకులు తడవకుండా మొక్క మొదట్లోనే పోయాలి, కుండీల మధ్య గాలి ఆడాలి. తెగులు తగిలిన ఆకులు తెంపి కంపోస్ట్ డబ్బాలో వేయకుండా చెత్తలో పారేయాలి. అయినా తగ్గకపోతే నీళ్లలో కలిసే గంధకం పొడి, డబ్బా మీద రాసిన మోతాదులో, సాయంత్రం చల్లబడ్డాక కొడతాను. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. పేనుబంక మొగ్గల దగ్గర చేరుతుంది గానీ దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. నీళ్లు గట్టిగా చిమ్మి, వేపనూనె కొడితే పోతుంది.

రెండోది బోరు నీళ్లు. ఉప్పు నీళ్లు పోసీ పోసీ కుండీ మట్టిలో క్షారం పెరిగితే ఈ మొక్కకు ఇనుము అందదు. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. చాలామంది అది ఎరువు లేకపోవడం అనుకుని యూరియా వేస్తారు. దానివల్ల కాడలు పీలగా సాగుతాయి తప్ప పసుపు పోదు. చిలేటెడ్ ఐరన్, అంటే మొక్క పీల్చుకోగలిగే రూపంలో ఉన్న ఇనుము, ఆకుల మీద కొడితే కొత్త చిగుళ్లు పచ్చగా వస్తాయి. మా ఇంట్లో కుళాయి నీళ్లు వచ్చే రోజున ఒక బకెట్ వీటికోసం పక్కన పెడతాను.

కంకి కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతుంది. కింద వాడుతున్నప్పుడే, పక్క చిగురు ఉన్న చోటుకు పైన కత్తిరిస్తే మళ్లీ కంకులు వేస్తుంది. కాయ కట్టనిస్తే పూయడం మానేస్తుంది. కూజాలో పెట్టాలంటే మూడో వంతు పూలు విచ్చినప్పుడు కోయండి, వారం దాకా ఉంటాయి. పండ్ల బుట్ట పక్కన మాత్రం పెట్టకండి. అరటిపండ్లు మాగేటప్పుడు వచ్చే ఇథిలీన్ వాయువుకు పూలు జలజలా రాలిపోతాయి.

మాల కట్టడానికి, జడలో పెట్టుకోవడానికి ఇవి అక్కరకు రావు. వాసన కూడా పెద్దగా ఉండదు. పూజకు పూలు కావాలంటే అదే కుండీల్లో చామంతి, బంతి వేసుకోవడం మేలు. రోజుకు ఐదారు గంటలు కూడా ఎండ పడని బాల్కనీ వాళ్లకు నేనిది వద్దంటాను. కాడలు వెలుతురు కోసం వంకర్లు పోతాయి, నాలుగు పూలకు మించి రావు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఈ మొక్క పూత కూడా అక్కడి నుంచే తగ్గుతుంది. మధ్యాహ్నం గ్రీన్ షేడ్ నెట్ కింద పెడితే మార్చి మధ్య దాకా లాగొచ్చు, ఆపైన ఎంత నీళ్లు పోసినా లాభం లేదు. అప్పుడు ఒకటి రెండు కంకులు కాయకు వదులుతాను. ఎండిన కాయకు మూడు కన్నాలు పడి అచ్చం పుర్రెలా కనిపిస్తుంది. కాగితం కవర్లో తలకిందులుగా దులిపితే విత్తనం రాలుతుంది. ఫ్రిజ్‌లో దాస్తే అక్టోబర్‌కు పనికొస్తుంది. రెండు రకాలను కలిపి తీసిన ఎఫ్1 హైబ్రిడ్ మొక్కల విత్తనం మాత్రం అలా దాచడం వృథా, తర్వాతి తరంలో రంగూ ఎత్తూ చెదిరిపోతాయి. అందుకే నా దగ్గరున్న పొడుగు రకాలకు ఏటా కొత్త ప్యాకెట్ కొంటాను, నాటు పొట్టివాటికి సొంత విత్తనమే వాడుతున్నాను.