మందు గ్లాసులో ఇంకేం పోయొచ్చు: కొంబుచా, జీరో బీరు, ష్రబ్ వగైరాలపై సమీక్ష

మందు వద్దనుకున్నవాళ్ల చేతిలో పళ్లరసం పెడితే మొదటి గ్లాసు మూడు గుటకల్లో ఖాళీ అవుతుంది, రెండో గ్లాసుకే మొహం మొత్తుతుంది. తప్పు రసానిది కాదు. ఆల్కహాల్ చేసే పని మత్తు ఎక్కించడం ఒక్కటే కాదు. గొంతులో ఘాటు తెస్తుంది, ద్రవానికి కాస్త చిక్కదనం ఇస్తుంది, నీళ్లలో సరిగా కరగని సువాసనలను పట్టి ఉంచుతుంది, ఒక్కో గుటకా మెల్లగా వేసేలా చేస్తుంది. దాన్ని తీసేశాక ఆ ఖాళీని చేదు, పులుపు, వగరు, కారం, గ్యాసు వీటిలో కనీసం రెండైనా పూడ్చాలి. తీపి ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. ఇక్కడ పానీయాలను మొదట తూచింది ఈ కొలమానంతోనే. చక్కెర సంగతి ఆ తర్వాత.

చక్కెర విషయంలో ఒక్క అంకె గుర్తుంటే చాలు. విడిగా కలిపిన చక్కెరలు, తేనె, పళ్లరసాల్లోని చక్కెరలు అన్నీ కలిపి రోజువారీ కేలరీల్లో 10 శాతం లోపు, వీలైతే 5 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఆ 5 శాతం పెద్దవాళ్లకు దాదాపు 25 గ్రాములు. 100 మి.లీ.కి 8 గ్రాముల చక్కెర ఉన్న 330 మి.లీ. క్యాన్ ఒక్కటి తాగితే ఆ రోజు కోటా అయిపోయినట్టే. క్యాన్ ముందువైపు ఆకులు, పువ్వులు ఎన్ని గీసినా వెనక్కి తిప్పి 100 మి.లీ. లెక్కే చూడండి. "ఒక సర్వింగ్‌కు" అని రాసినచోట మోసపోవడం తేలిక. ఒకే సీసాను రెండు సర్వింగులుగా చూపించే లేబుళ్లు తక్కువేమీ కాదు.

అన్నిటికంటే ఎక్కువ ప్రచారం తియ్యటి టీని పులియబెట్టి చేసే కొంబుచాకు ఉంది. పేరుకు తగ్గ రుచే. పులుపు, సన్నని గ్యాసు, టీ వల్ల వచ్చే వగరు మూడూ ఉంటాయి కాబట్టి గ్లాసు దానంతటదే నెమ్మదిస్తుంది. కొనేటప్పుడు 100 మి.లీ.కి 4 గ్రాముల లోపు చక్కెర ఉన్నది తీసుకోండి. అంతకు మించితే అది చాలావరకు కూల్‌డ్రింకే. షెల్ఫులో బయటే ఉంచి అమ్మేవి ఎక్కువగా పాశ్చరైజ్ చేసినవో, వడగట్టినవో. రుచికి వంక పెట్టలేం గానీ వాటిలో బతికున్న సూక్ష్మజీవుల మీద ఆశ పెట్టుకోకండి.

ఇంట్లో చేసుకుంటే ఖర్చు తక్కువ, జాగ్రత్త ఎక్కువ. లీటరు నీళ్లకు 8 గ్రాముల బ్లాక్ టీ, 60 గ్రాముల చక్కెర. పది నిమిషాలు నాననిచ్చి వడగట్టి, 30 డిగ్రీల లోపుకు చల్లారాక స్కోబీతో (ఈస్ట్, బ్యాక్టీరియా కలిసి పెరిగిన జిగురు ముద్ద) పాటు 100 నుంచి 150 మి.లీ. పాత కొంబుచా పోయాలి. వేడి టీలో వేస్తే కల్చర్ చచ్చిపోతుంది. గాజు జాడీ వాడాలి. అల్యూమినియం, సీసం కలిసిన మెరుగు ఉన్న పింగాణీ పనికిరావు, ఆమ్లం వాటిని తినేస్తుంది. మూత బిగించకూడదు, దగ్గరగా నేసిన గుడ్డ కట్టాలి. గుడ్డ పల్చగా ఉంటే పళ్లమీద వాలే చిన్న ఈగలు దూరిపోతాయి. 24 నుంచి 28 డిగ్రీల దగ్గర 7 నుంచి 10 రోజులు పడుతుంది. ఆరో రోజు నుంచి రుచి చూస్తూ పోవాలి. పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 2.5 నుంచి 3.5 మధ్యకు దిగితే తయారైనట్టు.

చాలామంది పాత కొంబుచా దగ్గరే పొదుపు చేస్తారు. స్కోబీ ఉందిగా అని రెండు చెంచాలు పోసి సరిపెడతారు. బూజు రాకుండా మొదటి రెండు మూడు రోజులు కాపాడేది స్కోబీ కాదు, ఆ పాత పులుపే. అది తక్కువైనా, గది చల్లగా ఉన్నా పైన పొడిగా, నూగులా ఆకుపచ్చ, నలుపు, తెలుపు మచ్చలు లేస్తాయి. అది బూజు. పైపైన తీసేసి తాగేయడం కుదరదు, స్కోబీతో సహా పారబోయాలి. ద్రవంలో వేలాడే గోధుమరంగు తీగలు మాత్రం ఈస్ట్ మడ్డి, వాటికి భయపడక్కర్లేదు. బెర్గమాట్ నూనె కలిపిన ఎర్ల్ గ్రే లాంటి టీలు వాడొద్దు, ఆ నూనెలు కల్చర్‌ను కుంగదీస్తాయి.

రెండో దశలో సీసాల్లోకి ఒంపి, కొంచెం అల్లం గానీ పండు గానీ వేసి మూత బిగిస్తే ఒకటి నుంచి మూడు రోజుల్లో గ్యాసు పడుతుంది. సీసాలు పగిలేదీ ఇక్కడే. పీడనాన్ని తట్టుకునే సీసాలే వాడాలి, పైన రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. తేలికైన ఉపాయం ఒకటుంది. అదే బ్యాచ్‌లో కొంత ఒక ప్లాస్టిక్ సీసాలో పోసి పక్కన పెట్టండి. అది నొక్కితే గట్టిగా తగిలిన రోజున గాజు సీసాలన్నీ ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

కొంబుచాలో ఆల్కహాల్ ఉండదా అంటే ఉంటుంది. చక్కెరను ఈస్ట్ ఆల్కహాల్‌గా మారుస్తుంది, గాలి అందినంతసేపు బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. మూత బిగించాక గాలి ఉండదు కాబట్టి ఆల్కహాల్ అలాగే మిగిలిపోతుంది. చాలా దేశాల్లో ఆల్కహాల్ లేని పానీయాలకు పెట్టుకున్న 0.5 శాతం గీతను ఇంటి సరుకు సులువుగా దాటుతుంది. 2010లో అమెరికాలో హోల్ ఫుడ్స్ దుకాణాలు పాశ్చరైజ్ చేయని కొంబుచాను కొంతకాలం షెల్ఫుల నుంచి తీసేసింది ఇందుకే. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, తాగుడు మానడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రలు వాడుతున్నవాళ్లు ఇంట్లో పులియబెట్టిన దాని జోలికి పోకూడదు.

బీరు విషయానికొస్తే, ఆల్కహాల్ లేని రకాల్లో గత కొన్నేళ్లలో నిజంగా బాగుపడింది ఇదొక్కటే. తయారీకి రెండు ప్రధాన దారులున్నాయి. పులియడాన్ని మధ్యలో ఆపేయడమో, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) చక్కెరను తినని ఈస్ట్ వాడటమో ఒకటి. మామూలుగా బీరు చేసి, తర్వాత తక్కువ పీడనంలో ఆవిరి చేసో వడపోసో ఆల్కహాల్ లాగేయడం రెండోది. మొదటి దారిలో ఉడికించిన ధాన్యపు తీపి మిగిలిపోతుంది. చాలామంది "జీరో బీరు నచ్చలేదు" అనేది దీన్ని తాగే. లేబుల్ మీద 100 మి.లీ.కి కార్బోహైడ్రేట్లు 6 గ్రాములు దాటితే ఆ తీపి తగిలే అవకాశం ఎక్కువ. రెండో దారిలో తీపి పోతుంది గానీ సువాసన కూడా కొంత ఎగిరిపోతుంది. తేలికైన, లేత రంగు బీరైన లాగర్‌లో ఈ లోటు దాచడానికి చోటు లేదు. నల్లటి స్టౌట్ వేయించిన మాల్ట్ చేదుతో, ఐపీఏ రకం బీరు హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) వాసనతో, గోధుమ బీరు చిక్కదనంతో దాన్ని కప్పిపుచ్చుతాయి. మొదటిసారి కొనేవాళ్లు లాగర్ వదిలేసి ఈ మూడింట్లో ఒకటి తీసుకోవడం మేలు. గిన్నిస్ 0.0 క్యాన్‌లో నైట్రోజన్ నురగ అసలు దానికి దగ్గరగా వస్తుంది, నోట్లో మాత్రం కాస్త పల్చన. 2017లో వచ్చిన హైనెకెన్ 0.0 లాగరే అయినా శుభ్రంగా ఉంటుంది. 330 మి.లీ. సీసాకు 69 కేలరీలు, మామూలు లాగర్‌లో దాదాపు సగం.

ఈ బీర్లలోనూ 0.5 శాతం దాకా ఆల్కహాల్ ఉండొచ్చంటే కంగారుపడేవాళ్ల కోసం: 330 మి.లీ. సీసాలో ఉండేది 1.3 గ్రాముల ఆల్కహాల్. 5 శాతం బీరు ఒక్కదానికి ఇవి పది సమానం. ఆరోగ్యవంతుడి కాలేయం గంటకు ఏడు గ్రాముల దాకా కరిగిస్తుంది కాబట్టి మత్తు ప్రశ్నే రాదు. మతం వల్లో వేసుకునే మాత్రల వల్లో అసలే వద్దనుకుంటే 0.0 అని రాసినదే చూసి కొనాలి, "ఆల్కహాల్ ఫ్రీ" అన్న మాటకు దేశానికో అర్థం ఉంది. వ్యసనం నుంచి బయటపడుతున్నవాళ్ల సంగతి వేరు. ఇక్కడ చిక్కు శాతంతో కాదు, ఆ వాసన, ఆ చేదు, ఆ సీసా చప్పుడు పాత కోరికను లేపగలవు. వాళ్లకు బీరును పోలని ష్రబ్ (పండు, చక్కెర, వెనిగర్ కలిపిన పుల్లటి పానీయం) లాంటివే సరైనవి.

నిల్వలో రెండు ఇబ్బందులున్నాయి. ఆల్కహాల్ కాపలా లేదు కాబట్టి మూత తీశాక తొందరగా పాడవుతుంది, అదే రోజు పూర్తిచేయాలి. ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోతే మామూలు బీరు కంటే ముందే గడ్డకట్టి సీసా పగులుతుంది.

వైన్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 12, 13 శాతం ఆల్కహాల్ తీసేస్తే వైన్ చిక్కదనమంతా పోయినట్టే, ఆ లోటును చక్కెరతో నింపుతారు. ఎరుపు రకాలు మరీ నిరాశ. ఆల్కహాల్ ఇచ్చే మెత్తదనం పోయి వగరు ఒక్కటే నాలుక మీద మిగులుతుంది. కొనాలనిపిస్తే బుడగలున్న తెల్లదే కొనండి, గ్యాసు సగం పని చేసిపెడుతుంది. బాగా చల్లగా తాగాలి.

జిన్ను, విస్కీలకు బదులంటూ వచ్చే సీసాలకు దారి వేసింది 2015లో బ్రిటన్‌లో మొదలైన సీడ్‌లిప్. ఈ జాతి పానీయాలను విడిగా తాగి తిట్టుకోవడం అన్యాయం. అవి కలపడానికే చేసినవి, విడిగా అయితే సువాసన వేసిన నీళ్లలాగే ఉంటాయి. 50 మి.లీ.కి 125 మి.లీ. టానిక్ (చేదు, తీపి కలిసిన సోడా), గ్లాసు నిండా పెద్ద ఐసు ముక్కలు, నిమ్మ తొక్క. టానిక్ ఎక్కువ పోస్తే ఉన్న రుచీ మునిగిపోతుంది. ఇక్కడ చక్కెర దాక్కునేది టానిక్‌లోనే. చాలా రకాల్లో 100 మి.లీ.కి 7 నుంచి 9 గ్రాములు ఉంటుంది. సగం టానిక్, సగం సోడా కలిపితే చేదు ఉంటుంది, తీపి దిగుతుంది. విస్కీ, రమ్ములను అనుకరించేవి ఘాటు కోసం మిరప, అల్లం సారాలు వాడతాయి. ఎక్కువ వాటిలో గొంతు మండుతుంది గానీ ముక్కుకు ఏమీ అందదు. డబ్బు పెట్టేంత విలువ జిన్ను తరహా వాటిలోనే కనిపిస్తుంది. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టడం మరవద్దు.

ఇంట్లో చేసుకునేవాటిలో మా ఓటు ష్రబ్‌కే. పండు 250 గ్రాములు, చక్కెర 250 గ్రాములు, 5 శాతం ఆమ్లం ఉన్న వెనిగర్ 250 మి.లీ. పండు ముక్కలకు చక్కెర పట్టించి ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచితే ఊట దిగుతుంది. వడగట్టి వెనిగర్ కలిపి వారం ఆగాలి. ఆగకపోతే వెనిగర్ ముక్కు మీద కొడుతుంది, వారానికి పండూ పులుపూ కలిసిపోతాయి. చక్కెరను 175 గ్రాములకు తగ్గించవచ్చు, అయితే ఫ్రిజ్‌లో కొద్ది వారాల్లోనే వాడేయాలి. దంచిన మిరియాలు ఒక చెంచా మొదట్లోనే వేస్తే మందు ఘాటుకు దగ్గరవుతుంది. 20 మి.లీ. ష్రబ్‌కు 180 మి.లీ. చల్లని సోడా. పూర్తి చక్కెరతో చేసినా గ్లాసుకు సుమారు 9 గ్రాములే. పళ్ల ఎనామిల్‌కు ఈ పులుపు పడదు. తాగాక నీళ్లతో పుక్కిలించండి, అరగంట దాకా బ్రష్ చేయకండి.

హాప్ వాటర్ తీపి వద్దనేవాళ్లకు, కేలరీలు లెక్కపెట్టేవాళ్లకు. సోడా, హాప్స్ వాసన, అంతే. ఇంట్లో చేస్తే లీటరు వేడి నీళ్లకు 3, 4 గ్రాముల హాప్స్, ముందుగా కొంచెం నిమ్మరసం. మరగబెడితే చేదు నాలుకను పట్టుకుని వదలదు కాబట్టి 75 డిగ్రీల దగ్గర పావుగంట చాలు.

2024లో సోషల్ మీడియా నిండా తిరిగిన "నిద్ర మాక్‌టెయిల్" పుల్లటి చెర్రీ రసం, మెగ్నీషియం పొడి, ప్రీబయోటిక్ సోడాల (పేగుల్లోని మంచి సూక్ష్మజీవులకు ఆహారమయ్యే పీచు కలిపినవి) కలయిక. రుచి బాగుంది, పేరుకు తగ్గ పని చేస్తుందనే రుజువు బలహీనం. 120 మి.లీ. రసంలోనే దాదాపు 15 గ్రాముల చక్కెర ఉంటుంది. మెగ్నీషియం సప్లిమెంట్ల రూపంలో రోజుకు 350 మిల్లీగ్రాములు దాటితే నిద్రకు ముందు విరేచనాలు రావచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ముట్టుకోనేకూడదు. అందులోని ప్రీబయోటిక్ సోడాలు విడిగా నయం, చక్కెర తక్కువ. పీచు కొన్నింట్లో 2 గ్రాములే, కొన్నింట్లో 9 దాకా. ఎక్కువ పీచున్నవి ఒకేసారి రెండు తాగితే కడుపు ఉబ్బరమే.

చివరికి మిగిలినవి "మత్తు లేకుండా మనసు తేలిక" అని అమ్మే క్యాన్లు. అశ్వగంధ, టీ ఆకుల్లో ఉండే ఎల్‌-థియనిన్, పుట్టగొడుగుల సారాలు ఇందులో ఉంటాయి. ఏది ఎన్ని మిల్లీగ్రాములో విడిగా రాయకుండా మొత్తాన్ని "బ్లెండ్" అని ఒకే అంకెలో చూపించే క్యాన్‌ను అక్కడే వదిలేయండి. అశ్వగంధ మీద జరిగిన ప్రయోగాల్లో సాధారణంగా రోజుకు 300 నుంచి 600 మిల్లీగ్రాముల సారం వారాల తరబడి ఇచ్చారు. అలాంటిది ఒక్క క్యాన్ ఒక్క సాయంత్రంలో ఏదో చేస్తుందనుకోవడం దురాశ. అశ్వగంధ వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. దాన్ని డెన్మార్క్ 2023లో నిషేధించింది. థైరాయిడ్, నిద్ర మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు దూరంగా ఉండాలి. పసిఫిక్ దీవుల వేరు పానీయం కావా నాలుకను మొద్దుబారుస్తుంది, నిజంగానే ఒంటిని సడలిస్తుంది. ఈ జాబితాలో ప్రభావం తెలిసేది అదొక్కటే, జాగ్రత్త ఎక్కువ కావాల్సిందీ దానికే. కాలేయ సమస్య ఉన్నా, ఆల్కహాల్‌తో కలిపినా ప్రమాదం. తాగాక బండి నడపకూడదు.